ల్యాప్‌టాప్‌లో బాగా పనిచేసిన ఫామ్ ఫోన్‌లో ఎందుకు మొరాయిస్తుంది?

మాది కేసముద్రం. రైలు దిగితే ముందు తగిలేది మిర్చి ఘాటు, ఆ తర్వాతే ఊరు. పోయిన మిర్చి సీజన్‌లో మార్కెట్‌లో మాకు తెలిసిన ఒక అడ్తి దుకాణానికి చిన్న వెబ్ పేజీ చేసిచ్చాను. రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం కొట్టి సేవ్ నొక్కితే తక్‌పట్టీకి కావాల్సిన వివరాలు రెడీ అవుతాయి. నాలుగు పెట్టెలు, ఒక బటన్, అంతే. ఆఫీసులో నేను చేసే పనితో పోలిస్తే ఇది ఆదివారం సాయంత్రం పని అనుకున్నా. నా ల్యాప్‌టాప్‌లో క్రోమ్‌లో చూశా, సూపర్‌గా ఉంది.

మరుసటి రోజు పొద్దున్నే గుమస్తా అన్న నుంచి ఫోన్. "తమ్మీ, ఊరి పేరు కొడుతుంటే కింద లిస్టు వస్తలేదు. పేరు కూడా రెండు రెండు సార్లు పడుతున్నది."

సాయంత్రానికి అసలు సమస్య బయటపడింది. ఒక పెద్దాయన తెచ్చిన 32 బస్తాలు సిస్టమ్‌లో 64 అయి కూర్చున్నాయి. నెట్ స్లోగా ఉండడంతో గుమస్తా అన్న బటన్ రెండుసార్లు నొక్కాడు, ఎంట్రీ రెండుసార్లు పడింది. ఏది నిజమో తేల్చడానికి కుప్ప దగ్గరికెళ్లి బస్తాలు మళ్లీ లెక్కపెట్టారు. డబ్బు తీసుకుని ఇంటికి పోవాల్సిన మనిషి చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాడు. తప్పు ఆయనది కాదు, గుమస్తాదీ కాదు. నా కోడ్‌ది.

లిస్టు సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే తెలుగులో ఫామ్ చేసే ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడ తట్టుకుని పడతారు. నేను కీడౌన్ ఈవెంట్ మీద ఆధారపడ్డాను. కీ నొక్కితే ఏ అక్షరమో తెలుస్తుంది, దాన్ని బట్టి ఇనుగుర్తి, కల్వల, ఉప్పరపల్లి లాంటి ఊర్లు చూపించాలి. ల్యాప్‌టాప్ కీబోర్డులో ఒక కీ అంటే దాదాపు ఒక అక్షరం. ఫోన్‌లో అలా కాదు. జీబోర్డులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేటప్పుడు, మనం ఏమనుకుంటున్నామో కీబోర్డు ఊహిస్తూ, పదాన్ని కింద గీతతో పట్టుకుని ఉంచుతుంది. ఏ అక్షరమో దానికే ఇంకా తేలలేదు, ఇక బ్రౌజర్‌కేం చెప్తుంది? అందుకే ఆండ్రాయిడ్ క్రోమ్‌లో కీడౌన్ వచ్చినా కీకోడ్ చాలాసార్లు 229 అని వస్తుంది, కీ పేరు అడిగితే 'అన్‌ఐడెంటిఫైడ్' అంటుంది. 229 అంటే ఏదో ఒక కీ కాదు. "ఇది ఇన్‌పుట్ మెథడ్ చూసుకుంటోంది, నన్నడగొద్దు" అని అర్థం. పాత కోడ్‌లలో కనిపించే కీప్రెస్ అయితే అక్కడ అసలు రాదు. మైక్ నొక్కి పేరు చెప్పినా, పేస్ట్ చేసినా, ఆటోఫిల్ అయినా కీబోర్డు ఈవెంట్ల మీద ఆశ పెట్టుకోవడం వేస్ట్.

దీనికి మందు ఇన్‌పుట్ ఈవెంట్. వాడేవాళ్లు పెట్టెలో ఉన్నది ఎలా మార్చినా సరే, మారిందని అది చెప్తుంది. ఏ కీ నొక్కారు అని అడగడం మానేసి, ఇప్పుడు పెట్టెలో ఏముంది అని అడగాలన్నమాట. (రియాక్ట్ వాడేవాళ్లకు ఒక మాట: అక్కడ ఆన్‌ఛేంజ్ అని రాసేది నిజానికి ఇన్‌పుట్ ఈవెంట్ లాగే పనిచేస్తుంది. బ్రౌజర్ అసలు ఛేంజ్ ఈవెంట్ టెక్స్ట్ పెట్టెల్లో మీరు పెట్టె వదిలి బయటికొచ్చాకో, ఎంటర్ కొట్టాకో వస్తుంది. ఈ తేడా తెలియక నేను ఒక ఇంటర్వ్యూలో దొరికిపోయాను.)

పేరు రెండుసార్లు పడడం ఇంకా ఇంట్రెస్టింగ్. రైతుల పేర్లలో అదనపు స్పేసులు తీసేద్దామని, ప్రతి ఇన్‌పుట్ ఈవెంట్‌కీ పెట్టెలోని విలువని శుభ్రం చేసి తిరిగి రాసేవాణ్ణి. కీబోర్డు ఇంకా పదం కడుతుండగానే దాని చేతి కింది కాగితం లాగేసి కొత్తది పెట్టినట్టు. తను సగం కట్టిన పదం ఇంకా అక్కడే ఉందనుకుని కీబోర్డు దాన్ని మళ్లీ అతికిస్తుంది.

పదం కట్టే ఈ దశకు కాంపొజిషన్ అని పేరు. మొదలైతే కాంపొజిషన్‌స్టార్ట్, అయిపోతే కాంపొజిషన్‌ఎండ్ ఈవెంట్లు వస్తాయి. సరే, ఈ రెండింటి మధ్యలో విలువను ముట్టుకోకుండా ఉంటే సరిపోతుంది కదా అనుకుంటాం. ఇక్కడే బ్రౌజర్ల గొడవ. క్రోమ్‌లో చివరి ఇన్‌పుట్ ఈవెంట్ ముందు వచ్చి, కాంపొజిషన్‌ఎండ్ తర్వాత వస్తుంది. 2016లో వచ్చిన 53వ వెర్షన్ నుంచి అదే వరస. ఫైర్‌ఫాక్స్‌లో కాంపొజిషన్‌ఎండ్ అయ్యాక ఇంకో ఇన్‌పుట్ వస్తుంది. కాంపొజిషన్‌లో ఉన్నంతసేపు ఇన్‌పుట్‌ను పట్టించుకోకు అని కోడ్ రాస్తే, ఫైర్‌ఫాక్స్‌లో చివరి ఈవెంట్ అందుతుంది, క్రోమ్‌లో అందదు. చివరి అక్షరాల సంగతి తెలియకుండానే పోతుంది.

సఫారీది మరో లెక్క. జపనీస్ టైప్ చేసేవాళ్లు పదాన్ని ఖాయం చేయడానికి ఎంటర్ కొడతారు. మామూలుగా ఆ కీడౌన్‌లో ఐఎస్‌కంపోజింగ్ అనే గుర్తు 'నిజం' అని ఉంటుంది, దాన్ని చూసి ఆ ఎంటర్‌ను వదిలేయొచ్చు. సఫారీలో కాంపొజిషన్‌ఎండ్ ముందే అయిపోయి కీడౌన్ తర్వాత వస్తుంది కాబట్టి గుర్తు 'అబద్ధం' అంటుంది. సగం రాసిన మెసేజ్ వెళ్లిపోతుంది. అందుకే చాలా లైబ్రరీల్లో ఐఎస్‌కంపోజింగ్‌తో పాటు కీకోడ్ 229 కూడా చూస్తారు. కీకోడ్ వాడొద్దని డాక్యుమెంటేషన్ మొత్తుకుంటున్నా సరే, వేరే దారి లేదు.

నేను చివరికి చేసింది చాలా సింపుల్. టైప్ చేస్తుండగా పెట్టెను చదువుతాను గానీ దానిలో రాయను. ఊర్ల లిస్టు చూపించే ఫంక్షన్‌ను ఇన్‌పుట్‌కీ, కాంపొజిషన్‌ఎండ్‌కీ రెండింటికీ కట్టాను. రెండుసార్లు నడిచినా ఒకే ఫలితం వచ్చేలా రాశాను కాబట్టి ఏది ముందొచ్చినా బాధ లేదు. స్పేసులు తీసే పని ఛేంజ్ ఈవెంట్‌కు మార్చేశా.

పొడవు దగ్గర కూడా జాగ్రత్త. కేసముద్రం అనే మాట మన కంటికి నాలుగు అక్షరాలు: కే, స, ము, ద్రం. బ్రౌజర్ లెక్కలో 9, ఎందుకంటే గుణింతం గుర్తు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. మ్యాక్స్‌లెంగ్త్ 20 పెట్టి ఇంటిపేరుతో సహా రాయమంటే, రైతు పేరు మధ్యలో తెగుతుంది. నాది తెగింది.

తర్వాత ఓనర్ కొడుకు ఐఫోన్. లిస్టు వస్తోంది కానీ ఊరిని నొక్కితే లిస్టు మాయమవుతోంది, ఊరు పడట్లేదు. "అన్నా, క్రోమ్ వేసి చూశా, సేమ్" అన్నాడు. అవును, సేమే ఉంటుంది. ఐఫోన్‌లో క్రోమ్ అయినా ఫైర్‌ఫాక్స్ అయినా లోపల ఇంజన్ సఫారీదే, వెబ్‌కిట్. 2024లో ఐఓఎస్ 17.4తో యూరోపియన్ యూనియన్‌లో వేరే ఇంజన్లకు దారి తెరిచారు, మనకు కాదు. అసలు కారణం: పెట్టె నుంచి ఫోకస్ పోగానే లిస్టు మూసేస్తున్నా, ఫోకస్ లిస్టులోని బటన్ మీదికే వెళ్తే మాత్రం మూయకూడదని రాశా. క్రోమ్‌లో బటన్ నొక్కితే దానికి ఫోకస్ వస్తుంది. సఫారీలో రాదు. ఫోకస్ ఎటు పోయిందని అడిగితే 'ఎటూ లేదు' అంటుంది, నా కోడ్ లిస్టు మూసేస్తుంది, క్లిక్ గాల్లో కలుస్తుంది. లిస్టు మీద మౌస్‌డౌన్‌లో ప్రివెంట్‌డిఫాల్ట్ పెడితే ఫోకస్ అసలు కదలదు. ఒక్క లైను. దానికి నాకు మూడు గంటలు పట్టింది.

ఇక ఆ 64 బస్తాల సంగతి. మొదట అందరిలాగే నొక్కగానే బటన్ డిసేబుల్ చేశా. దాన్ని క్లిక్ ఈవెంట్‌లో చేస్తే క్రోమ్‌లో ఫామ్ అసలు పోదు, ఎందుకంటే పంపే టైమ్‌కు బటన్ డిసేబుల్ అయి ఉంది. సబ్‌మిట్ ఈవెంట్‌లో చేయాలి. ఆ మార్పు పెట్టిన రెండో రోజు దుకాణంలో పాత డెస్క్‌టాప్, దాంట్లో ఫైర్‌ఫాక్స్. మధ్యలో నెట్ పోయింది, గుమస్తా అన్న ఎఫ్5 కొట్టాడు, బటన్ బూడిద రంగులోనే ఉండిపోయింది. ఎన్నిసార్లు కొట్టినా అంతే. పేజీ రీలోడ్ చేసినా బటన్ డిసేబుల్ స్థితిని ఫైర్‌ఫాక్స్ గుర్తుపెట్టుకుంటుంది. బయట పది మంది రైతులు లైన్‌లో. బటన్‌కు ఆటోకంప్లీట్ ఆఫ్ అని పెడితే ఈ అలవాటు ఆగుతుంది. దానితో పాటు పేజ్‌షో ఈవెంట్‌లో బటన్‌ను మళ్లీ తెరిచాను, బ్యాక్ నొక్కి వచ్చినప్పుడూ పనికొస్తుంది.

అయినా బటన్‌ను నమ్ముకోవడమే తప్పని నాకు అప్పుడు అర్థమైంది. ఇప్పుడు కొత్త ఎంట్రీ ఫామ్ తెరుచుకోగానే దానికో నంబర్ పుడుతుంది. అదే నంబర్‌తో రెండోసారి వస్తే సర్వర్ కొత్త ఎంట్రీ వేయదు, పాతదే చూపిస్తుంది. బ్రౌజర్ ఎన్నిసార్లు పంపినా 32 బస్తాలు 32గానే ఉంటాయి. ఇది మొదటి రోజే చేయాల్సింది.

తూకం పెట్టెకు నంబర్ టైప్ తీసేసి మామూలు టెక్స్ట్ పెట్టి, ఇన్‌పుట్‌మోడ్ డెసిమల్ ఇచ్చాను. అంకెల కీబోర్డు ఎలాగూ వస్తుంది. నంబర్ టైప్‌లో తప్పుగా ఏదైనా పడితే విలువ అడిగినప్పుడు ఖాళీ అని వస్తుంది, అప్పుడు గుమస్తా ఏం కొట్టాడో కూడా మనకు తెలియదు.

మీరు ఇలాంటిది చేస్తుంటే, క్రోమ్ డెవ్‌టూల్స్‌లో ఫోన్ బొమ్మ పెట్టి చూడడం సరిపోదు. అది స్క్రీన్ సైజును, టచ్‌ను నకలు చేస్తుంది గానీ జీబోర్డును చేయదు. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి అసలు ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపితే, దానిలో వచ్చే ఈవెంట్లు మీ కన్సోల్‌లో కనిపిస్తాయి. ఐఫోన్ సఫారీకి మ్యాక్ కావాలి, నా దగ్గర లేదు. అందుకే ఈవెంట్ పేర్లను పేజీ మీదే కింద ప్రింట్ చేసుకుని చూశా. ఓనర్ కొడుకు అరగంట ఓపిగ్గా "ఇనుగుర్తి" కొడుతూ స్క్రీన్‌షాట్లు పంపాడు.