సామూహిక వ్యాయామ కార్యక్రమాలకు ఆర్థిక సహాయం: ఏ అవసరానికి ఏ నిధి?

హైదరాబాద్: నగర ఈశాన్య భాగంలో మౌలాలి గుట్ట పరిసరాల నుండి తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం వరకు గల కొద్ది కిలోమీటర్ల పరిధిలో హౌసింగ్ బోర్డు కాలనీ, రైల్వే స్థలాలు, పరిశోధనా సంస్థలు, విశాలమైన విశ్వవిద్యాలయ భూములు ఉన్నాయి. ఇటువంటి ప్రాంతంలో కాలనీ సంక్షేమ సంఘం గాని, యువజన సంఘం గాని ప్రజల కొరకు నిత్య వ్యాయామ కార్యక్రమం చేపట్టదలచినచో ఆర్థిక సహాయం పొందేందుకు పలు మార్గాలు ఉన్నాయి. అయితే ప్రతి నిధికి ఒక నిర్దిష్ట ప్రయోజనం ఉంటుంది. మైదానం కొరకు మంజూరైన సొమ్మును శిక్షకుని వేతనానికి వెచ్చించరాదు. ఈ భేదాన్ని గుర్తించి దరఖాస్తు చేయుట అత్యంత అవసరం.

ఆవశ్యకత

వయోజనులు వారానికి కనీసం 150 నిమిషాల పాటు మధ్యస్థాయి శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలలో సూచించింది. 2024 జూన్‌లో వెలువడిన ఆ సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచ వయోజనులలో 31 శాతం మంది, భారతదేశంలో దాదాపు సగం మంది ఈ స్థాయిని అందుకోలేదు. మన దేశంలో పురుషుల కంటే స్త్రీలలో ఈ లోటు అధికం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో ఆహార మార్గదర్శకాలను విడుదల చేసిన సందర్భంగా, ఆరోగ్యకరమైన ఆహారం, శారీరక శ్రమ ద్వారా టైప్-2 మధుమేహాన్ని 80 శాతం వరకు నివారించవచ్చునని పేర్కొన్నది. దరఖాస్తులో ఆవశ్యకతను నిరూపించుటకు ఇటువంటి అధికారిక ఆధారాలు ఉపకరిస్తాయి.

తొలి మెట్టు స్థల అనుమతి

స్థలం పురపాలక పార్కా, రైల్వే భూమా, విశ్వవిద్యాలయ ప్రాంగణమా అన్నది ముందుగా నిర్ధారించుకొని, సదరు యజమాన్య సంస్థ నుండి నిరభ్యంతర పత్రం పొందాలి. పరిపాలనా సరిహద్దులను కూడా గమనించాలి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో మౌలాలి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరింది. తార్నాక హైదరాబాద్ జిల్లాలో ఉన్నది. లోక్‌సభ నియోజకవర్గాల రీత్యా మౌలాలి మల్కాజిగిరి పరిధిలోకి, తార్నాక సికింద్రాబాద్ పరిధిలోకి వస్తాయి. కావున ఇరుగుపొరుగు కాలనీల సంఘాలైనప్పటికీ వేర్వేరు కలెక్టరేట్లను, వేర్వేరు ప్రజాప్రతినిధులను ఆశ్రయించవలసి ఉంటుంది.

మైదానాలు, నిర్మాణాలు

శాశ్వత నిర్మాణాలకు పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంతాభివృద్ధి పథకం ఒక మార్గం. దీని కింద ప్రతి సభ్యునికి ఏటా రూ.5 కోట్ల విలువైన పనులను సిఫారసు చేసే అవకాశం ఉన్నది. పనిని సభ్యుడు సిఫారసు చేయగా జిల్లా యంత్రాంగం పరిశీలించి మంజూరు చేస్తుంది. ప్రజోపయోగకరమైన, మన్నికగల ఆస్తుల కల్పన ఈ పథకం ప్రధాన లక్ష్యమైనందున నిత్య నిర్వహణ వ్యయానికి దీనిపై ఆధారపడరాదు.

కేంద్ర ప్రభుత్వం 2017లో పునర్వ్యవస్థీకరించిన ఖేలో ఇండియా పథకానికి 2021-22 నుండి 2025-26 వరకు రూ.3,165.50 కోట్లు కేటాయించింది. ఈ పథకం కింద క్రీడా వసతుల ప్రతిపాదనలు ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు, విద్యాసంస్థల ద్వారా వెళ్ళాయి. అందువలన ఇటువంటి పథకాలలో చిన్న సంఘాలు ఒంటరిగా గాక, పురపాలక సంస్థతో గాని విశ్వవిద్యాలయంతో గాని కలిసి ప్రతిపాదన రూపొందించుకొనుట మేలు.

2019 ఆగస్టు 29న ప్రారంభమైన ఫిట్ ఇండియా ప్రధానంగా ప్రజా చైతన్య ఉద్యమం. 1998లో ఏర్పడిన జాతీయ క్రీడాభివృద్ధి నిధి ప్రధానంగా ఉన్నతస్థాయి క్రీడాకారుల తోడ్పాటుకు ఉద్దేశింపబడినది. కాలనీ వ్యాయామ తరగతుల కొరకు ఈ రెండింటిపై ఆశ పెట్టుకొనుట వలన కాలయాపనే మిగులుతుంది.

శిక్షకులు, నిర్వహణ వ్యయం

భవనానికి దాత దొరికినంత సులభంగా శిక్షకుని వేతనానికి దాత దొరకడు. ఈ లోటును కొంతవరకు పూరించగలిగినవి కంపెనీల సామాజిక బాధ్యత నిధులు. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి గల కంపెనీలు గత మూడు ఆర్థిక సంవత్సరాల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. తాము పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. చట్టంలోని ఏడవ షెడ్యూలులో నివారణాత్మక ఆరోగ్య పరిరక్షణ, గ్రామీణ, జాతీయ గుర్తింపు పొందిన, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడలలో శిక్షణ వేర్వేరు అంశాలుగా ఉన్నాయి. మధుమేహ నివారణకు ఉద్దేశించిన వ్యాయామ తరగతిని మొదటి అంశం కింద, బాలబాలికల క్రీడా శిక్షణను రెండవ అంశం కింద ప్రతిపాదించడం సముచితం.

ఒక్కరోజు పరుగు పందెం ఈ కోవలోకి రాదు. మారథాన్ వంటి ఏకకాలిక కార్యక్రమాల వ్యయాన్ని సామాజిక బాధ్యత వ్యయంగా పరిగణించరాదని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 2014 జూన్ 18 నాటి సర్క్యులర్‌లో పేర్కొన్నది. మార్కెటింగ్ ప్రయోజనం కొరకు చేసే స్పాన్సర్‌షిప్‌ను 2021లో సవరించిన నిబంధనలు మినహాయించాయి. కావున ఏడాది పొడవునా సాగే కార్యక్రమాన్నే ప్రతిపాదించాలి.

ఉస్మానియా ప్రాంగణంలోని వ్యాయామ విద్యా కళాశాల, జాతీయ సేవా పథకం విభాగాల సహకారాన్ని అభ్యర్థించినచో శిక్షణ వ్యయం తగ్గే వీలున్నది.

పత్రాలు, లెక్కలు

దరఖాస్తు చేసే సంఘానికి సొసైటీగా గాని ట్రస్టుగా గాని రిజిస్ట్రేషన్, పాన్, ఆడిట్ చేయించిన లెక్కలు, కేంద్ర గ్రాంట్ల కొరకు ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌లో నమోదు ఉండాలి. సామాజిక బాధ్యత నిధులకై ఆదాయపు పన్ను చట్టం కింద స్వచ్ఛంద సంస్థగా నమోదుతో పాటు, 2021 ఏప్రిల్ 1 నుండి సీఎస్‌ఆర్-1 ఫారం దాఖలు తప్పనిసరి అయింది. కంపెనీతో సంబంధం లేని సంస్థకు కనీసం మూడేళ్ళ పని అనుభవం అవసరం. అది లేని కొత్త సంఘాలు అనుభవం గల సంస్థతో భాగస్వామ్యం కుదుర్చుకొనవచ్చును.

సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017 మేరకు ఒకే పనికి మరొక శాఖ నుండి గ్రాంటు పొందలేదని, కోరలేదని ధ్రువీకరించాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలలలోగా వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి.

మైదానం, పరికరాలు, శిక్షకుడు అను మూడు పద్దులను విడివిడిగా చూపి, ప్రతి పద్దుకు తగిన నిధిని పేర్కొన్న ప్రతిపాదన పరిశీలనకు సులువుగా ఉంటుంది. గ్రాంటు కాలపరిమితి ముగిసిన మరుసటి నెల నుండి శిక్షకుని వేతనం ఎవరు భరిస్తారన్న అంశాన్ని కూడా అందులోనే పొందుపరచాలి. దీనికి సమాధానం లేనిచోట పరికరాలు మిగిలినా తరగతులు నిలిచిపోతాయి.