పడుగు ఒకటి, పేక ఒకటి

కొత్తగా అల్లిన నులక మంచం మీద మొదటి రాత్రి పడుకుంటే బల్ల మీద పడుకున్నట్టే ఉంటుంది. నాలుగు రోజులు పోయాక నడుము కిందికి దిగుతుంది. వారం తిరిగేసరికి ఇంట్లో పెద్దవాళ్లెవరో కాళ్లవైపు తాడు పట్టుకుని మళ్లీ బిగలాగుతారు. మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో పెరిగినవాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. టెన్నిస్ రాకెట్‌లో జరిగేదీ అచ్చం ఇదే. ఒక చట్రం, నిలువునా కొన్ని తీగలు, వాటి కిందికీ మీదికీ దూరుతూ సాగే అడ్డ తీగలు, రోజులు గడిచేకొద్దీ సడలిపోయే బిగువు. కాకపోతే మంచం మీద మనిషి రాత్రంతా ఉంటాడు, రాకెట్ మీద బంతి సెకనులో 200వ వంతు ఉంటే గొప్ప. అది ఎంత వేగంతో పోవాలో, ఎంత తిరుగుతూ పోవాలో ఆ కాస్త వ్యవధిలోనే తేలిపోతుంది.

పశ్చిమ ప్రకాశంలో టెన్నిస్ కన్నా షటిల్ ఆడేవాళ్లే ఎక్కువ. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్ పుట్టింది కూడా అప్పటి ప్రకాశం జిల్లాలోని నాగండ్లలోనే. ఇక్కడి షటిల్ ఆటగాళ్ల నోట రోజూ వినపడే మాట ‘గట్టింగ్’. తీగ తెగితే రాకెట్‌ను గట్టింగ్‌కి ఇస్తారు. గట్ అంటే పేగు. ఇవాళ గట్టింగ్ షాపులో వేసేది నైలానే అయినా, పేరులో మాత్రం పాత సంగతి మిగిలిపోయింది. 1875లో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో పియెర్ బబోలా గొర్రె పేగులతో టెన్నిస్ రాకెట్ తీగలు తయారు చేశాడు. తర్వాత ఆవు పేగులు వాడుకలోకి వచ్చాయి. పేగు పైపొరను సన్నటి పట్టీలుగా చీల్చి, అనేక పట్టీలను కలిపి పురిపెట్టి ఆరబెడతారు. ఒక్క సెట్టు ధర వేలల్లో ఉంటుంది, తడి తగిలితే ఉబ్బి పాడవుతుంది. అయినా నూట యాభై ఏళ్లుగా దాని మెత్తదనానికి సాటి వచ్చే తీగ రాలేదు. సాగిన పేగు తీగ తిరిగి యథాస్థితికి రావడంలో మిగతా వాటికన్నా ముందుంటుంది, బిగువునూ ఎక్కువ రోజులు నిలుపుకుంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు గుణం పాలిస్టర్‌ది. గట్టిగా ఉంటుంది, నున్నగా ఉంటుంది, త్వరగా సడలుతుంది. 1997లో ప్రపంచ ర్యాంకు 66తో ఫ్రెంచ్ ఓపెన్‌లో అడుగుపెట్టిన బ్రెజిల్ కుర్రాడు గుస్తావో కుయెర్టెన్ ఏకంగా టైటిల్ ఎగరేసుకుపోయాడు. అతని రాకెట్‌లో ఉన్నది లక్సిలాన్ అనే బెల్జియం కంపెనీ పాలిస్టర్ తీగ. అంత గట్టి తీగతో బంతి అంతగా ఎలా తిరుగుతోందో చాలా ఏళ్లు ఎవరికీ సరిగ్గా అంతుపట్టలేదు.

జవాబు కోసం ఇంకో ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. జర్మనీకి చెందిన వెర్నర్ ఫిషర్ అడ్డ తీగల్లో దూర్చకుండా నిలువు తీగలను విడిగా రెండు వరసలుగా బిగించి ఒక రాకెట్ తయారు చేశాడు. దానికి ‘స్పగెట్టి రాకెట్’ అని పేరు పడింది. 1977 అక్టోబరులో ఇలీ నస్టాసే ఆ రాకెట్‌తో ఆడుతుంటే, మట్టి కోర్టుల మీద ఓటమే ఎరుగకుండా సాగుతున్న గిలెర్మో విలాస్ ఆ బంతుల తీరు భరించలేక ఆట మధ్యలోనే తప్పుకున్నాడు. అల్లిక లేని నిలువు తీగలు బంతితో పాటు పక్కకు జారి, వెంటనే వెనక్కి కొట్టుకుని బంతిని గిర్రున తిప్పేవి. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య దాన్ని నిషేధించింది. తీగలు ఒకదానితో ఒకటి పడుగూ పేకల్లా అల్లుకునే ఉండాలని ఆ మరుసటి ఏడాది నియమం రాసింది.

పాలిస్టర్ చేసింది, అల్లిక నియమం తప్పకుండానే ఆ జారుడును తిరిగి తేవడం. సిడ్నీ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త రాడ్ క్రాస్ వంటి వారి ప్రయోగాలు ఈ విషయాన్ని వివరించాయి. బంతి ఏటవాలుగా తగిలినప్పుడు నిలువు తీగ పక్కకు జరుగుతుంది. అడ్డ తీగ నున్నగా ఉంటే అది అడ్డుపడదు. బంతి ఇంకా రాకెట్ మీద ఉండగానే నిలువు తీగ తన చోటికి ఎగిరి వచ్చి బంతిని దువ్వినట్టు తిప్పి వదులుతుంది. నైలాన్ తీగలు ఒకదాన్నొకటి పట్టుకుని అక్కడే నిలిచిపోతాయి. ఆట మధ్యలో ఆటగాళ్లు వేళ్లతో తీగలను సరిచేసుకోవడం టీవీలో చూస్తుంటాం, అది ఈ బాధే.

ఒకే రాకెట్‌లో నిలువుకు ఒక రకం, అడ్డానికి ఇంకో రకం తీగ వేసే ‘హైబ్రిడ్’ ఆలోచనకు మూలం ఇక్కడే ఉంది. పడుగు పని వేరు, పేక పని వేరు. నిలువు తీగలు పొడవైనవి. బంతి దెబ్బను ఎక్కువగా కాచుకునేవీ, జారి వెనక్కి వచ్చేవీ అవే. అడ్డ తీగలు వాటికి దారి ఇవ్వాలి, మొత్తం అల్లిక ఎంత గట్టిగా ఉండాలో తేల్చాలి. పనులు రెండైనప్పుడు తీగ ఒకటే ఎందుకు ఉండాలి? రోజర్ ఫెదరర్ నిలువుకు పేగు తీగ, అడ్డానికి పాలిస్టర్ వేయించుకునేవాడు. జొకోవిచ్‌దీ అదే దారి. ఆండీ ముర్రే దాన్ని తిరగేసి పాలిస్టర్‌ను నిలువుకు, పేగును అడ్డానికి పెట్టాడు. మొదటి పద్ధతిలో చేతికి మెత్తదనం, బంతికి వేగం ఎక్కువ. రెండో దానిలో ఆటగాడి అదుపు ఎక్కువ. పేగు తీగ కొనలేనివాళ్లు ఆ చోట మంచి నైలాన్ వేసుకున్నా తేడా తెలుస్తుంది.

పని మాత్రం ఓపిక అడుగుతుంది. ఒకే తీగతో గట్టింగ్ చేస్తే 12 మీటర్ల సెట్టు సరిపోతుంది, రెండు ముడులతో పూర్తవుతుంది. హైబ్రిడ్‌కు చెరో 6 మీటర్ల చొప్పున రెండు ముక్కలు, నాలుగు ముడులు కావాలి. అడ్డ తీగను 16 నిలువు తీగల కిందికీ మీదికీ 19 సార్లు దూర్చాలి. మెత్తటి పేగు తీగ మీద పాలిస్టర్‌ను విసురుగా లాగితే కోసుకుపోతుంది కాబట్టి, వంపుగా పట్టుకుని నెమ్మదిగా లాగాలి.

ఇక బిగువు. తీగ బిగిస్తే బంతి వేగంగా పోతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. ఆమోదం పొందిన టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గచ్చు మీద వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా మాత్రమే లేస్తుంది. అంటే నలిగిన బంతి సగానికి కొంచెం తక్కువ శక్తిని తానే మింగేస్తుంది. తీగలు అలా మింగవు, తీసుకున్న దాంట్లో దాదాపు అంతా తిరిగి ఇచ్చేస్తాయి. బిగువు తగ్గితే తీగలు ఎక్కువ లోపలికి వెళ్తాయి, బంతి తక్కువ నలుగుతుంది, నష్టం తగ్గుతుంది. బిగువు పెరిగితే బంతి ఎక్కువ నలిగి వేగం కాస్త తగ్గుతుంది, కొట్టిన చోటికి పోతుందన్న నమ్మకం పెరుగుతుంది. చెక్క రాకెట్ల రోజుల్లో స్వీడన్ ఆటగాడు బోర్గ్ సుమారు 80 పౌండ్ల బిగువు పెట్టించేవాడు. ఇటలీ ఆటగాడు ఫిలిప్పో వొలాండ్రి 30 పౌండ్ల లోపే ఆడాడు. ఇద్దరూ మట్టి కోర్టుల మీద రాణించినవాళ్లే.

అయితే ఈ తేడాలు చేతికి ఎంతవరకు తెలుస్తాయి? రాడ్ క్రాస్ తన సహచరుడితో కలిసి అనుభవం ఉన్న ఆటగాళ్లకు వేర్వేరు బిగువుల రాకెట్లు ఇచ్చి చూశాడు. బిగువులో తేడా పెద్దదైనా చాలామంది పోల్చలేకపోయారు. ఒక పౌండు అటూ ఇటూ అని షాపులో పట్టుబట్టేవాళ్లకు ఇది ఆలోచించాల్సిన విషయం. కాబట్టి ప్రయోగం చేసేవాళ్లు చేతి అనుభూతిని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు, ఒకేసారి రెండు మార్పులూ చేయకూడదు. ముందు రాకెట్ మీద రాసి ఉన్న బిగువు హద్దుల మధ్యలో ఒకే రకం తీగ వేయించాలి. తర్వాత అడ్డ తీగ మాత్రమే మార్చాలి. పాలిస్టర్‌ను రెండో తీగ కన్నా రెండు, మూడు పౌండ్లు తగ్గించి బిగించడం మామూలు పద్ధతి. ఆ తర్వాతే బిగువు రెండేసి పౌండ్ల చొప్పున జరుపుకుంటూ పోవాలి.

పిల్లల విషయంలో ఇంకో మాట గట్టిగా చెప్పాలి. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచిన సానియా మీర్జా, సాకేత్ మైనేని లాంటివాళ్లను చూసి రాకెట్ పట్టిన పిల్లలకు పెద్ద ఆటగాళ్ల తీగే కావాలని ఉంటుంది. పెద్ద ఆటగాళ్లు ప్రతి మ్యాచికీ కొత్త తీగలు వేయించుకుంటారు. మన పిల్లవాడి రాకెట్‌లో అదే పాలిస్టర్ ఆరు నెలలు ఉంటుంది. సత్తువ చచ్చిన గట్టి తీగ దెబ్బంతా మోచేతికి చేరుతుంది. ఎదిగే చేతికి నిండా పాలిస్టర్ పెట్టకూడదు. హైబ్రిడ్ కూడా అవసరం లేదు, మెత్తటి నైలాన్ చాలు.

పశ్చిమ ప్రకాశం ఎండలు ఈ లెక్కలో మరో చిక్కు తెస్తాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే చోట, తలుపులు వేసిన కారులో రాకెట్ వదిలేస్తే పాలిస్టర్ ఇంకా త్వరగా సడలుతుంది. ఎండకు వేడెక్కిన బంతి కూడా ఎక్కువ ఎగురుతుంది. రెండూ కలిసి బంతిని గీత దాటిస్తాయి. ఏ తీగైనా మొదటి రోజే పదో వంతు దాకా బిగువు కోల్పోవచ్చు. హైబ్రిడ్‌లో రెండు తీగలూ రెండు రకాలుగా సడలుతాయి. నిలువు పేగు తీగ నిలబడి ఉంటుంది, అడ్డ పాలిస్టర్ జారిపోతుంది. గట్టింగ్ చేయించినప్పుడు ఉన్న తేడా మూడు పౌండ్లు, పది రోజుల తర్వాత ఉన్నది ఇంకొకటి. మే నెలలో ఒకటి, రెండు పౌండ్లు పెంచి బిగించమనడం ఇందుకే.

ఎంత సడలిందో తెలుసుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. రాకెట్‌ను వేళ్లతో తట్టి, ఆ శబ్దపు స్థాయిని ఫోన్‌లో దొరికే ఉచిత యాప్‌తో కొలవవచ్చు. వీణ తీగకు వర్తించే సూత్రమే దీనికీ వర్తిస్తుంది. బిగువు శబ్దపు స్థాయి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, స్థాయి 5 శాతం పడితే బిగువు దాదాపు 10 శాతం పడినట్టు.

గట్టింగ్ చేయించిన సాయంత్రం తట్టి చూస్తే 600 హెర్ట్జ్ వచ్చిందనుకుందాం. మార్కాపురం పలక మీదైనా సరే, తేదీ వేసి ఆ అంకె రాసుకోవాలి. వారం ఆడాక మళ్లీ తట్టితే 570 వచ్చింది. 56 పౌండ్లతో మొదలైన రాకెట్ ఇప్పుడు సగటున 50 దగ్గర ఉంది. ఆ బిగువులోనే బంతి బాగా కుదురుతోందని ఆటగాడికి అనిపిస్తే, తర్వాతిసారి షాపులో 56 అనకుండా రెండు పౌండ్లు తగ్గించి అడగవచ్చు. కుదరకపోతే నిలువు తీగలను అలాగే ఉంచి, అడ్డ తీగలు మాత్రం రెండు పౌండ్లు పెంచమని చెప్పి, పలక తుడిచి కొత్త తేదీ వేసుకోవచ్చు.