కళ్లకు మాయ... మనసుకు మందవుతుందా?

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లిన పెద్దవాళ్లకు ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఒకవైపు ఆకాశాన్నంటే ప్రభలు, మరోవైపు ఇసకవేస్తే రాలని జనం. ఆ సందడిలో ఒక మూల రంగుల డబ్బా పెట్టుకుని కూర్చున్న బయస్కోపువాడు. డబ్బాకున్న కంతలో కన్నుపెట్టి చూస్తే తాజ్‌మహల్, దేవుళ్లు, సినిమా తారలు. చూస్తున్నంతసేపూ ఎండా, కాళ్లనొప్పులూ ఏవీ గుర్తుకు వచ్చేవి కావు. కన్ను తీయగానే అన్నీ మళ్లీ మీద పడేవి.

ఆ డబ్బా ఇప్పుడు కళ్లజోడు రూపంలో తిరిగి వచ్చింది. దాని పేరు వర్చువల్ రియాలిటీ. పిల్లలు దాన్ని ఆటల కోసం అడుగుతారు. వైద్యులు మాత్రం భయాన్నీ, ఆందోళననూ, నొప్పినీ తగ్గించడానికి వాడి చూస్తున్నారు. "ఇది పెట్టుకుంటే దిగులు పోతుందటగా, కొనమంటారా?" అని మీకూ సందేహం రావచ్చు. కొనేముందు అసలు సంగతి తెలుసుకోండి.

ఏమిటీ మాయ?

చూపుడువేలు ముక్కుకు ఎదురుగా పెట్టుకుని ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను మూసి చూడండి. వేలు పక్కకు జరిగినట్లు కనిపిస్తుంది. మన రెండు కళ్లూ ఒకే వస్తువును కొద్ది తేడాతో చూస్తాయన్నమాట. ఆ రెండు బొమ్మలనూ కలిపి మెదడు దూరాన్నీ, లోతునూ అంచనా వేస్తుంది. ఈ రహస్యాన్ని 1838లోనే ఇంగ్లండుకు చెందిన చార్లెస్ వీట్‌స్టన్ ఒక చిన్న పరికరంతో నిరూపించాడు.

ఇప్పటి కళ్లజోడు చేసేదీ అదే. ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపిస్తుంది. దానికి తోడు మీరు తల తిప్పితే ఆ కదలికను పసిగట్టి, బొమ్మనూ ఆ వైపుకే తిప్పుతుంది. పైకి చూస్తే ఆకాశం, కిందికి చూస్తే నేల, వెనక్కి తిరిగితే చెట్లు! చెవుల్లో పక్షుల కూతలు. బయటి ప్రపంచం మాయమై, "నేను ఇక్కడే ఉన్నాను" అన్న భ్రమ కలుగుతుంది.

మనసెందుకు లొంగుతుంది?

ఇదంతా బొమ్మేనని బుద్ధికి తెలుసు. కానీ గుండెకు, చెమట గ్రంథులకు ఆ తర్కం పట్టదు. కారంపూడి వీరారాధనోత్సవాలు చూసినవారికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు. యుద్ధం జరిగి ఎనిమిది వందల ఏళ్లు దాటినా, బాలచంద్రుడి కథ వస్తే వినేవారి పిడికిళ్లు ఈనాటికీ బిగుసుకుంటాయి. చెవులతో విన్న కథకే ఇంత శక్తి ఉంటే, చుట్టూ కనిపించే లోకానికి ఎంత ఉండాలి?

2007లో ఇటలీకి చెందిన గిసెప్పె రీవా బృందం ఒక తమాషా పరిశీలన చేసింది. కంప్యూటరులో ఒక ఉద్యానవనాన్ని తయారుచేశారు. వెలుగునూ శబ్దాలనూ మార్చి, అదే తోటను ఒకసారి హాయిగొలిపేలా, మరోసారి గుబులు పుట్టించేలా చూపించారు. చూసినవారి మనఃస్థితి కూడా దానికి తగ్గట్టే మారింది. అంటే ఈ సాధనం మనసును శాంతపరచగలదు, కలతా పెట్టగలదు. ఈ రెండో సంగతి మరిచిపోకండి.

భయానికి చికిత్స

మేడమీదకు ఎక్కితే కొందరికి కాళ్లు వణుకుతాయి. భయపడి మానేసిన కొద్దీ భయం పెరుగుతుంది. భయపెట్టే చోట కొంతసేపు నిలబడి, "నాకేమీ కాలేదు" అని శరీరం నేర్చుకుంటేనే అది తగ్గుతుంది. ఇది పాత సూత్రమే. అయితే రోగిని నిజంగా మేడ అంచుకు తీసుకువెళ్లడం కష్టం కదా! 1995లో అమెరికాలో బార్బరా రాత్‌బామ్, ఆమె సహచరులు ఎత్తులంటే భయపడేవారికి కంప్యూటరు చూపించే వంతెనలనూ, లిఫ్టులనూ అలవాటు చేయించి ఫలితం సాధించారు. 2018లో ఆక్స్‌ఫర్డుకు చెందిన డేనియల్ ఫ్రీమన్ బృందం వందమందిపై చేసిన పరీక్షలో కూడా, ఈ చికిత్స పొందినవారికి ఎత్తుల భయం బాగా తగ్గింది. 2022లో అదే బృందం, తీవ్ర మానసిక వ్యాధివల్ల ఇల్లు కదలడానికే భయపడే 346 మందిపై పరీక్షించింది. ఎక్కువ భయంతో బాధపడేవారికే ఎక్కువ మేలు కలిగింది.

నొప్పికి దారి మళ్లింపు

కాలిన గాయాలకు కట్టు మార్చేటప్పుడు కలిగే బాధ పడ్డవారికే తెలుస్తుంది. అమెరికాలోని సియాటిల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ పాటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు అలాంటి రోగుల కోసం "స్నోవరల్డ్" అనే మంచు లోకాన్ని తయారుచేయించారు. కట్టు మారుస్తున్నంతసేపూ రోగి మంచు లోయలో తిరుగుతూ, మంచు ముద్దలు విసురుతూ ఉంటాడు. నొప్పిని గుర్తించాలన్నా మనసు అటు ఉండాలి. మనసు మంచులో ఉంటే నొప్పికి దక్కేది కొంచెమే. మందులతోపాటు దీన్ని వాడితే బాధ తగ్గినట్లు రోగులు చెప్పారు. నడుము నొప్పి దీర్ఘకాలంగా ఉన్నవారికోసం ఇలాంటి ఒక సాధనానికి 2021లో అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతి కూడా ఇచ్చింది.

అంత దూరం ఎందుకు? మన గుంటూరులోనే 2017లో, మెలకువగా ఉన్న రోగికి "బాహుబలి" సినిమా చూపిస్తూ మెదడు ఆపరేషన్ చేశారు. 2020లో మరో రోగికి "అవతార్" చూపించారు. అక్కడ వాడింది మామూలు తెరే, ఈ కళ్లజోడు కాదు. సూత్రం మాత్రం ఒకటే. మనసుకు ఇష్టమైన పని అప్పగిస్తే భయం పక్కకు తప్పుకుంటుంది.

మరి దిగులు మాటేమిటి?

ఇక్కడ జాగ్రత్తగా వినండి. భయాలకూ, చికిత్స సమయంలో కలిగే నొప్పికీ ఈ సాధనం పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలున్నాయి. తీవ్రమైన మానసిక కుంగుబాటుకు ఇదొక్కటే చాలు అనడానికి అంతటి ఆధారాలు లేవు. అరగంట సముద్రపుటొడ్డు చూస్తే మనసు తేలికపడవచ్చు. కానీ 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చేసినప్పుడు పల్నాడు రైతు ఇంట్లో నిద్రపట్టని రాత్రులను ఊహించండి. ఏ కళ్లజోడైనా తీయగానే అప్పు అప్పుగానే ఉంటుంది. కష్టాన్ని కాసేపు మరిచి ఊపిరి తీసుకోవడం మంచిదే. దాన్నుంచి పారిపోవడానికి రోజూ ఆ లోకంలోనే దూరితే మాత్రం కష్టం రెట్టింపవుతుంది.

రెండు వారాలకు మించి నిద్ర సరిగ్గా పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, ఇష్టమైన పనులమీద ఆసక్తి పోయినా, "నావల్ల ఏమీ కాదు" అన్న మాట పదే పదే వచ్చినా డాక్టరును కలవాలి. "మనసు బాగాలేదని చెప్పుకోవడం పల్నాటివాడికి నామోషీ" అనుకోకండి. జ్వరం వచ్చిందని చెప్పడం పిరికితనం కానప్పుడు ఇదీ కాదు. బయటికి వెళ్లలేనివారు 14416కు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన "టెలీ మానస్" ఇది. ఉచితం. తెలుగులో మాట్లాడవచ్చు, రాత్రి పగలు పలుకుతారు. ఇంట్లో అలా కుంగిపోయినవారుంటే వారిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలను వారికి అందకుండా తాళం వేసి ఉంచండి.

వాడేవారికి జాగ్రత్తలు

కళ్లు "నడుస్తున్నావు" అంటే, చెవిలోని సమతౌల్య యంత్రం "కూర్చునే ఉన్నావు" అంటుంది. ఈ తగాదావల్ల తల తిరగడం, వాంతి వచ్చినట్లుండటం జరుగుతాయి. అందుచేత కూర్చునే వాడండి. మొదట అయిదు నిమిషాలు చాలు. వాడిన వెంటనే మోటారు సైకిలు ఎక్కవద్దు. మూర్ఛవ్యాధి, తలతిరుగుడు ఉన్నవారూ, మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారూ, గర్భిణులూ డాక్టరును అడగనిదే ముట్టుకోవద్దు. పిల్లల వయోపరిమితి పెట్టెమీద ఉంటుంది, చదవండి. ఒకరు పెట్టుకున్నది మరొకరు పెట్టుకునేముందు తుడవాలి. లేకపోతే కళ్లకలకకు దారి చూపినట్లే. గాఢమైన భయాలకు సొంత వైద్యం వద్దు, మానసిక నిపుణుల పర్యవేక్షణలోనే చేయించుకోండి.

ఖర్చులేని ఉపాయం

కళ్లజోడు కొనలేమని చింతించకండి. మాచర్ల నుంచి సాగర్ వెళ్లే దారిలో ఎత్తిపోతల జలపాతాన్ని చూసే ఉంటారు. చంద్రవంక నీళ్లు దాదాపు డెబ్బై అడుగుల ఎత్తునుంచి దూకే చోటు అది. రెంటచింతల ఎండలో అలసి ఇంటికొచ్చాక, నీడపట్టున కూర్చుని కళ్లు మూసుకోండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చండి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. ఇప్పుడు ఆ జలపాతాన్ని తలుచుకోండి. ముందు నీటి హోరు వినండి. తరువాత ముఖాన పడే తుంపర, తడిసిన రాళ్ల వాసన, కాలికింది చల్లదనం ఒక్కొక్కటే గుర్తుకు తెచ్చుకోండి. మనసు పక్కకు పోతే కోప్పడకుండా మళ్లీ నీటి దగ్గరికి తీసుకురండి. రోజుకు పది నిమిషాలు చాలు. అలవాటయ్యాక కోపం వచ్చినప్పుడు, పరీక్ష హాలు ముందు, ఆసుపత్రి వరండాలో కూడా ఇది ఉపయోగపడుతుంది.

చిన్న చిన్న భయాలకు మెట్ల పద్ధతి పాటించండి. ఎత్తంటే జంకు ఉన్నవారు కోటప్పకొండను ఒకేరోజు ఎక్కనక్కరలేదు. తోడు తీసుకుని మొదటిరోజు పది మెట్లెక్కి, గుండెదడ తగ్గేవరకూ అక్కడే నిలబడండి. మరోరోజు ఇరవై ఎక్కండి. దడ తగ్గకముందే దిగివస్తే భయం గెలిచినట్లు; తగ్గాక దిగితే మీరు గెలిచినట్లు.

కళ్లజోడైనా, కళ్లు మూసుకున్నా చేసేది ఒక్కటే: మనసుకు కాస్త విశ్రాంతి, కాస్త సాధన. ఆ బలంతో లేచి మీ సమస్యను ఇంట్లోవారితోనో, డాక్టరుతోనో నోరువిప్పి చెప్పండి. సగం బరువు అక్కడే దిగుతుంది.