లూసర్న్ మేతచేనిలో కలుపు - బంగారుతీగ

పాడిపశువులుగల మన సభ్యులలో ననేకులు బావిక్రింద పది సెంట్లో ఇరువది సెంట్లో లూసర్న్ మేత వేయుచున్నారు. ఎండిన వరిగడ్డిలో మాంసకృత్తులు బహుస్వల్పము. లూసర్న్‌ను ఎండబెట్టి తూచిన నూటికి ఇంచుమించు 20 వంతులు మాంసకృత్తులే యుండును. ఒకమారు విత్తినచో మూడు నాలుగేండ్లు కోతకు వచ్చుచుండును. అట్టి చేను మొదటి యేటనే పాడగుట కలదు. అందుకు ముఖ్యకారణము కలుపు.

అక్టోబరు, నవంబరు నెలలలో విత్తిన లూసర్న్ మొదటి నెలదినములు పైకి పెద్దగా ఎదుగదు. ఆ కాలమున దాని బలమంతయు వేరు దింపుటకే సరిపోవును. తోటకూర, గలిజేరు, గంగపావిలి, ఊద మొదలగునవి యట్లు కావు. అవి మొలచిన పదునైదు దినములకే నేలను కప్పివేయును. విత్తిన 50 మొదలు 60 దినములకు తొలికోత వచ్చువరకు చేనిని కాపాడుకొన్నచో తరువాత ప్రతి 25, 30 దినములకు పడు కోతలే ఏకవార్షికపు కలుపును చాలవరకు అణచును. కావున కలుపునకు చేయు వ్యయము తొలి రెండు నెలలలోనే చేయుట లాభము.

ఇక మందుల విషయము. కలుపుమందు అనగా అన్నియు నొక్కటే యని తలచుట మనలో నున్న పెద్ద పొరపాటు. లూసర్న్ వెడల్పాకు జాతి పైరు, చిక్కుడు కుటుంబమునకు చెందినది. వరిలో వెడల్పాకు కలుపును చంపుటకు వాడు 2,4-డి లూసర్న్‌ను గూడ చంపును. ఆ మందు కొట్టిన స్ప్రేయరును సరిగా కడుగక మేతచేనిలో వాడినను ఆకులు మెలితిరిగి పైరు చెడును. ఇందొక వింత కలదు. 2,4-డిబి అను దగ్గరి మందు స్వతహాగా అంత విషము గాదు. కలుపుమొక్క తన లోపలనే దానిని 2,4-డి గా మార్చుకొని చచ్చును. లూసర్న్, క్లోవరు మొక్కలు ఆ మార్పును మిక్కిలి కొద్దిగా మాత్రమే చేయుటచే బ్రతుకును. పడమటి దేశములలో క్లోవరు పచ్చికలకు దీనిని వాడుట కలదు. పేరులో ఒక్క యక్షరము భేదమేగదా యని అంగడివాడు ఇచ్చిన దానిని తెచ్చుకొన్నవాని చేను దక్కదు.

గడ్డిజాతి కలుపునకు వేరుమందులు గలవు. క్విజలోఫాప్ ఇథైల్ 5 శాతము మందు ఊద, గరిక వంటి గడ్డిజాతులపైననే పనిచేయును, వెడల్పాకు పైరులను ముట్టదు. మినుము మొదలగు పైరులలో ఎకరమునకు 400 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీటితో, కలుపు రెండు మొదలు నాలుగు ఆకుల దశలో నుండగా చల్లుదురు. 16 లీటర్ల స్ప్రేయరు వాడువారికి ఎకరమునకు పండ్రెండున్నర ట్యాంకులు పట్టును, అనగా ట్యాంకునకు 32 మిల్లీలీటర్లు. అయితే మనిషి మనిషికి నడక వేరు. అందుచేత ముందుగా వట్టినీటితో అయిదు సెంట్లు తడిపి ఎంత నీరు పట్టినదో చూచుకొని, పిమ్మట లెక్క వేసికొనవలెను. ఈ మందునకు తుంగ చావదు. చూచుటకు గడ్డివలె నున్నను తుంగ గడ్డి కాదు. దాని కాడను వ్రేళ్లనడుమ త్రిప్పిచూచిన మూడు అంచులు తగులును. తుంగ గల నేలలో లూసర్న్ వేయకుండుటయే మేలు.

పై మోతాదు మినుము వంటి పైరులకు చెప్పబడినది. మేతపైరునకు మందు కొట్టునప్పుడు మరియొక విచారము తప్పదు. మినుము గింజ కోతకు వచ్చుటకు ఎన్నో వారములు పట్టును. మేత యన్ననో నేడు కోసి నేడే గాటిలో వేయుదుము. అది పాలలోనికి, పాలు పిల్లలకడకు పోవును. కావున డబ్బాపై నంటించిన కాగితములో మన పైరుపేరు ఉన్నదా, మందు కొట్టిన పిమ్మట కోతకు ఎన్ని దినములు ఆగవలెనని వ్రాసినారు, అను రెండు ప్రశ్నలకు జవాబు చూడక మూత తీయరాదు. పైరుపేరు లేనిచో వ్యవసాయాధికారిని అడిగి నడువవలెను. అడుగుటకు వీలులేనప్పుడు కలుపుకత్తియే మేలని నా యభిప్రాయము. పది సెంట్ల చేనికి ఇద్దరు కూలీలు ఒక పూట పనిచేసిన తీరునుగదా.

ఇంతవరకు చెప్పినది సామాన్యపు కలుపు. బంగారుతీగ యట్టిది గాదు. దీనికి ఆకు లేదు, పచ్చదనము లేదు. మొలక తన నూలుపోగువంటి కాడను గాలిలో త్రిప్పుచు ఆధారమును వెదకును. కొన్ని దినములలో దొరకనిచో ఎండిపోవును. దొరికినచో చుట్టుకొని, కాడలోనికి పీల్చుకొమ్మలను దింపి, వేరును విడిచివేసి, ఆ పైరు రసముతోనే పెరుగును. ఒక తీగ వేలకొలది గింజలు వేయును. అవి నేలలో పదియేండ్లకు పైగా బ్రతికియుండగలవు. కృష్ణా, గుంటూరు మండలముల మాగాణి మినుములో దీని దెబ్బ తిననివారు తక్కువ. అచ్చట వరి పనలు తీసిన వెంటనే పెండిమిథాలిన్ 30 శాతము మందును ఎకరమునకు లీటరు మొదలు లీటరున్నర వరకు 20 కిలోల పొడి యిసుకలో కలిపి చల్లుట అలవాటు. ఈ మందు మొలకెత్తు గింజను మాత్రమే ఆపును; చుట్టుకొన్న తీగను ఏమియు చేయదు. లేత లూసర్న్ మొలకకును, అందును ఇసుకపాటి నేలలలో, దీనివలన దెబ్బ తగులవచ్చును. కాబట్టి విత్తిన చేనిలో నేరుగా పోయరాదు. వేరు ముదిరిన చేనిలో కోత కోసిన వెంటనే, తీగ మొలవకముందు వాడుట కొన్నిదేశములలో గలదు. అప్పుడును తరువాతి కోతకు గడువు విడువవలెను.

ఈ తీగ మా చేనిలోనికి విత్తనముతోడనే వచ్చినది. తక్కువ ధరకు దొరకినదని పొరుగూరి వర్తకునియొద్ద సంచిపై చీటి లేని విత్తనము కొంటిని. తొలికోతలో రెండుచోట్ల పసుపుపచ్చని పోగులు కనబడినవి. పూతలేదుగదా యని ఉపేక్షించి, ఆ మేతనే పశువులకు వేసితిని. మరుసటి యేడు పెంటదిబ్బ ఎరువు తోలిన మడులన్నిటను అదే తీగ. దాని గింజ పశువు కడుపులో పడినను చావదని పిమ్మట తెలిసికొంటిని. నేను చూచునాటికే కొన్ని తీగలు గింజ కట్టియుండును.

లూసర్న్ విత్తనము నునుపు, బంగారుతీగ గింజ గరుకు, కొంచెము చిన్నది. విత్తనములు శుభ్రము చేయు యంత్రశాలలలో మఖమలు చుట్టిన దొప్పులపై పోసి వేరుచేయుదురు. గరుకుగింజ గుడ్డకు అంటుకొనును, నునుపుగింజ జారిపోవును. ఇంటివద్ద సన్నజల్లెడతో కొంత పోవును గాని పూర్తిగా పోదు. మనదేశపు విత్తన ధ్రువీకరణ ప్రమాణములలో లూసర్న్‌కు బంగారుతీగ ఆక్షేపణీయమగు కలుపుగా చెప్పబడినది. కావున ధ్రువీకరణ చీటి గల సంచినే కొనవలెను. సంఘము పేర సభ్యులందరకు కలిపి ఒక్కమారు తెప్పించినచో విడివిడిగా కొనుటకన్న చవుక. అట్లే కలుపుమందులకు మాత్రమే వాడు స్ప్రేయరు నొకదానిని సంఘమునం దుంచినచో 2,4-డి భయము చాలవరకు తీరును.

చేనిలో తీగ కనబడినప్పుడు పీకి లాభములేదు. కాడలో మిగిలిన పీల్చుకొమ్మనుండి మరల చిగురించును. తీగ చుట్టిన చోటికి దిగువగా, నేలమట్టమున, చుట్టును రెండడుగుల మేర మంచి పైరుతో సహా కోసి, అచ్చటనే ఎండుగడ్డి వేసి కాల్చవలెను. పూతకు ముందే ఈ పని జరుగవలెను. కోసిన కొడవలి, కాలిచెప్పులు దులుపక ప్రక్కమడిలో అడుగు పెట్టరాదు. తీగ చేనంతయు ప్రాకినచో లూసర్న్‌ను దున్నివేసి, రెండు మూడేండ్లు జొన్న, మొక్కజొన్న మేతలే వేయవలెను. గడ్డిజాతి పైరులను అది సాధారణముగా పట్టదు. తరువాత లూసర్న్ మరల వేసినను మొదటి రెండు కోతలకు ముందు మడి మడి తిరిగి చూచుకొనవలెను. ఉదయపుటెండలో ఆ పసుపుపోగులు దూరమునుండియే కనబడును.