హై-ఫై యాంప్లిఫైయర్ ఎంపిక: రివ్యూ ఎంతవరకు, సొంత చెవి ఎక్కడి నుంచి

సీడీ ప్లేయర్ నుంచి వచ్చే సంకేతం గరిష్ఠంగా రెండు వోల్టుల దగ్గర ఉంటుంది. దాన్ని పెంచి, స్పీకర్ కాయిల్‌ను ముందుకూ వెనక్కూ కదిలించేంత కరెంటుతో అందించడమే యాంప్లిఫైయర్ పని. తనవైపు నుంచి ఏమీ కలపకుండా, ఉన్నదేదీ తీసేయకుండా ఆ పని చేసేది మంచి యాంప్. ఈ ప్రమాణాన్ని అందుకోవడం ఇప్పుడు ఒకప్పటంత కష్టం కాదు. అయినా లక్షల రూపాయల యాంప్‌లు అమ్ముడవుతూనే ఉన్నాయి, వాటి మీద పేజీలకొద్దీ రివ్యూలు వస్తూనే ఉన్నాయి. ఒక యాంప్ ధ్వని "వెచ్చగా" ఉందని, ఇంకోదానిలో "లోతు" ఉందని ఆ రివ్యూలు చెబుతాయి. ఇంటికి తెచ్చి పెట్టుకున్నాక ఆ వెచ్చదనం వినిపించలేదని కొన్నవారు అనడమూ మామూలే. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. వినిపించేది యాంప్ ఒక్కటే కాదు, అది నడిపిన స్పీకరు, ఆ స్పీకరు ఉన్న గది కూడా.

స్పీకరు వెనక "8 ఓమ్‌లు" అని రాసి ఉంటుంది. అది సుమారు అంకె మాత్రమే. స్పీకరు ఇంపెడెన్స్, అంటే కరెంటుకు అది చూపే ఎదురు, పౌనఃపున్యాన్ని బట్టి మారిపోతూ ఉంటుంది. ఒక చోట నాలుగు ఓమ్‌లకు పడిపోయి, ఇంకో చోట ఇరవైకి లేచే స్పీకర్లు ఎన్నో ఉన్నాయి. యాంప్‌కు కూడా తనదైన అంతర్గత ఇంపెడెన్స్ (అవుట్‌పుట్ ఇంపెడెన్స్) ఉంటుంది. మంచి ట్రాన్సిస్టర్ యాంప్‌లో అది ఓమ్‌లో ఇరవయ్యో వంతు ఉందనుకుంటే, పైన చెప్పిన స్పీకరు మీద ధ్వని తీవ్రతలో వచ్చే హెచ్చుతగ్గు డెసిబెల్‌లో పదో వంతు కూడా ఉండదు. చెవికి అది అందదు. అదే, కొన్ని ట్యూబ్ యాంప్‌లలో ఉన్నట్టు, రెండు ఓమ్‌లు ఉంటే హెచ్చుతగ్గు దాదాపు 2.7 డెసిబెల్స్‌కు చేరుతుంది. ఎవరో టోన్ కంట్రోల్ తిప్పినట్టే అది స్పష్టంగా వినిపిస్తుంది. స్పీకరు మారిస్తే ఆ హెచ్చుతగ్గులు వేరే చోటికి జరుగుతాయి. ఒక ట్యూబ్ యాంప్ గురించి ఇద్దరు సమీక్షకులు పరస్పర విరుద్ధంగా రాసినప్పుడు, ముందుగా చూడాల్సింది వాళ్లు ఏ స్పీకర్లతో విన్నారన్నదే.

వినికిడి ఆధారంగా యాంప్‌లను తూచే రివ్యూ పద్ధతి పుట్టింది అమెరికాలో. అంతకుముందు పత్రికలు పవర్, వక్రీకరణ, పౌనఃపున్య స్పందన కొలిచి అంకెలు ఇచ్చేవి. 'స్టీరియో రివ్యూ'లో ఏళ్ల తరబడి రాసిన జూలియన్ హర్ష్ ఈ దారికి ప్రతినిధి. అంకెలు బాగుంటే యాంప్ బాగున్నట్టే అన్న ఈ ధోరణితో విసిగిన జె. గోర్డన్ హోల్ట్ 1962లో 'స్టీరియోఫైల్' మొదలుపెట్టారు. పరికరం ఎలా వినిపిస్తుందో రాయడమే ఆయన లెక్క. 1973లో హ్యారీ పియర్సన్ 'ది ఆబ్సొల్యూట్ సౌండ్' స్థాపించి, యాంప్లిఫికేషన్ లేకుండా నిజమైన వేదిక మీద వాయించే సంగీతమే కొలబద్ద అన్నారు. రెండు శిబిరాలు పోట్లాడుకున్నాయి. రెండింటికీ చోటిచ్చే ఏర్పాటు తర్వాత వచ్చింది. 1986లో స్టీరియోఫైల్ సంపాదకుడైన జాన్ అట్కిన్సన్, వినికిడి సమీక్షల పక్కనే ప్రయోగశాల కొలతలూ క్రమం తప్పకుండా అచ్చువేయించారు. ఇవాళ మంచి రివ్యూ అంటే ఆ రెండు భాగాలూ ఉండాలి.

ఈ పోట్లాటలో రెండు సంఘటనలు కొనేవారికి నేరుగా పనికొస్తాయి. మొదటిది 1985 నాటిది. ఖరీదైన యాంప్ ఏదైనా సరే, దాని ధ్వనిని తన చవక ట్రాన్సిస్టర్ యాంప్‌లో తెప్పిస్తానని ఇంజనీరు బాబ్ కార్వర్ స్టీరియోఫైల్‌కు సవాలు విసిరారు. పత్రికవాళ్లు పేరు బయటపెట్టని ఒక ఖరీదైన ట్యూబ్ యాంప్‌ను ఆయన ముందు పెట్టారు. కార్వర్ రెండు యాంప్‌లకూ ఒకే సంకేతం పంపి, వాటి అవుట్‌పుట్‌ల మధ్య తేడాను మాత్రమే వినిపించేలా అమర్చుకున్నారు. ఆ తేడా మాయమయ్యేదాకా తన యాంప్ సర్క్యూట్‌లో మార్పులు చేస్తూ పోయారు. చివరికి హోల్ట్, ఆయన సహచరులు ఏది ఏదో చెప్పలేకపోయారు. ట్యూబ్‌లో మంత్రమేమీ లేదనీ, "ట్యూబ్ ధ్వని" అన్నది కొలవగలిగిన, అనుకరించగలిగిన విషయమేననీ అక్కడ తేలింది. కథ అంతటితో ఆగలేదు. ఆ మార్పులతో ఎం-1.0టి అన్న మోడల్ మార్కెట్లోకి వచ్చాక, ఫ్యాక్టరీలో తయారైన యాంప్ చేత్తో సరిచేసినదానికి సరితూగిందా లేదా అన్నదాని మీద పత్రికకూ కార్వర్‌కూ పెద్ద వివాదమే నడిచింది. రివ్యూకు వెళ్లిన నమూనా, దుకాణంలో దొరికే పెట్టె ఒకటేనన్న భరోసా ఎప్పుడూ లేదు.

రెండోది 1987 జనవరిలో స్టీరియో రివ్యూ అచ్చువేసిన పరీక్ష. సుమారు 220 డాలర్ల పయొనీర్ రిసీవర్ మొదలుకొని 12,000 డాలర్ల ఫుటర్‌మన్ ట్యూబ్ యాంప్‌ల జత వరకు రకరకాల యాంప్‌లను, ఏది మోగుతున్నదో చెప్పకుండా, 25 మందికి వినిపించారు. వారిలో యాంప్‌ల మధ్య తేడా ఉందని గట్టిగా నమ్మేవారూ ఉన్నారు, నమ్మనివారూ ఉన్నారు. మొత్తం మీద వాళ్ల జవాబులు బొమ్మాబొరుసూ వేసి చెప్పినదానికంటే మెరుగ్గా లేవు. యాంప్‌లన్నీ ఒకటేనని ఇది నిరూపించిందనడం అతి. ఆ గదిలో, ఆ స్పీకర్లతో, యాంప్‌లు తమ హద్దులోపల పనిచేస్తున్నంతసేపు తేడా చిన్నదని మాత్రం చూపింది. ధరలో యాభై రెట్ల తేడా ఉన్నప్పుడు ఆ మాట చిన్నదేమీ కాదు.

మరైతే రివ్యూలో దేన్ని తీసుకోవాలి? ఇంటికి వచ్చినా మారనిదాన్ని. 8 ఓమ్‌ల దగ్గర 100 వాట్లు ఇచ్చే యాంప్ 4 ఓమ్‌ల దగ్గర 200కు దగ్గరగా ఇవ్వగలిగితే దాని పవర్ సప్లయ్ గట్టిదని అర్థం. 120 దగ్గరే ఆగిపోతే ఇంపెడెన్స్ బాగా పడిపోయే స్పీకర్లతో అది తడబడవచ్చు. అవుట్‌పుట్ ఇంపెడెన్స్, నేపథ్య రొద, గెయిన్ (సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది), వేడి కూడా గదిని బట్టి మారేవి కావు. ప్రకటనల్లో వాట్లు ఇష్టం వచ్చినట్టు పెంచి రాస్తున్నారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో నిబంధన తేవాల్సి వచ్చింది. మన దగ్గర అట్టపెట్టెల మీద కనిపించే వేల "పీఎంపీఓ" వాట్లకు ఒప్పుకున్న నిర్వచనమే లేదు, వాటిని లెక్కలోకే తీసుకోకూడదు. అసలు వాట్ల మీద మోజు కూడా కొంత తగ్గాలి. పవర్ రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్స్. శబ్దం రెట్టింపైనట్టు చెవికి తోచాలంటే సుమారు పది రెట్ల పవర్ కావాలి. హాల్లో మామూలుగా వినేటప్పుడు స్పీకరుకు వెళ్లేది తరచూ ఒక వాటు లోపే. కానీ మృదంగం మీద గట్టిగా పడిన ఒక దెబ్బ సగటు స్థాయికి ఇరవై డెసిబెల్స్ పైకి పోతే, ఆ క్షణానికి వంద రెట్ల పవర్ కావాలి. పెద్ద యాంప్ ఉపయోగం ఆ క్షణాలకే.

ఇంటికి రానిది విశేషణాల భాగం. సమీక్షకుడి గది అతనిది, అలవాట్లు అతనివి, చేతిలో ఉన్నది తయారీదారు అరువిచ్చిన పరికరం, పత్రికకు ఆదాయం అదే పరిశ్రమ ప్రకటనల నుంచి. అందరూ అమ్ముడుపోయారని కాదు. ఒకే సమీక్షకుణ్ణి చాలాకాలం చదివి, అతను మెచ్చినవాటిలో కొన్నింటిని స్వయంగా విని ఉంటే అతని మాటల తూకం తెలుస్తుంది. అలాంటి పరిచయం లేని పాఠకుడికి "వేదిక విశాలంగా పరచుకుంది" అన్న వాక్యం ఏమీ చెప్పదు.

ఇక ఇంట్లో వినడం. చాలామంది దీన్నే తిరుగులేని తీర్పు అనుకుంటారు. జాగ్రత్త లేకపోతే ఇదే ఎక్కువ మోసం చేస్తుంది. అన్నిటికంటే ముందు, కాస్త గట్టిగా మోగేదే మెరుగ్గా అనిపిస్తుంది. సగం డెసిబెల్ తేడాను చెవి "గట్టిగా ఉంది" అని గుర్తించదు, "స్పష్టంగా ఉంది" అంటుంది. అందుకే రెండు యాంప్‌లను పోల్చేటప్పుడు వాటి స్థాయిలు 0.1 డెసిబెల్‌లోపు కలవాలి. ఇందుకు మామూలు మల్టీమీటర్ చాలు. 100, 400 హెర్ట్జ్‌ల మధ్య ఉన్న ఒక స్థిరమైన స్వరాన్ని పెట్టి, స్పీకరు టెర్మినళ్ల దగ్గర ఏసీ వోల్టేజి చూడాలి. ఒకదానితో 2.00 వోల్టులు వస్తే రెండోదానితో 1.98కీ 2.02కీ మధ్య రావాలి. ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర చవక మీటర్లు తప్పు చూపిస్తాయి కాబట్టి అంత పైకి పోనక్కర్లేదు. మీటరు మొనలు ఒకదానికొకటి తగలకూడదు, వైర్లు మార్చేటప్పుడు యాంప్ ఆపేయాలి. ట్యూబ్ యాంప్‌ను స్పీకరు తగిలించకుండా మోగిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పాడయ్యే ప్రమాదం ఉంది.

రెండో మోసం కంటిది. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ హార్మన్ సంస్థలో నలభై మందికి అవే స్పీకర్లను ఒకసారి కనిపించేలా, ఒకసారి తెర వెనక పెట్టి వినిపించారు. కనిపించినప్పుడు ఇచ్చిన మార్కులు కనిపించనప్పుడు నిలవలేదు. విన్నవాళ్లంతా ఆ సంస్థ ఉద్యోగులే, ధ్వనితో పరిచయం లేనివారు కారు. స్పీకర్ల విషయంలోనే ఇలా జరిగితే, అంతకంటే చాలా చిన్న తేడాలుండే యాంప్‌ల విషయంలో కళ్లను నమ్మడం కుదరదు. ఇంట్లో ఇంకొకరి సాయం ఉంటే చాలు. ఏ యాంప్ తగిలించాలో వాళ్లు నాణెం వేసి నిర్ణయించి కాగితం మీద రాసుకోవాలి, మార్చినా మార్చకపోయినా అంతే సమయం తీసుకోవాలి, వినేవాళ్లు తమ జవాబు వేరే కాగితం మీద రాయాలి. పదహారు సార్లలో పన్నెండో అంతకంటే ఎక్కువో సరిగ్గా వస్తే, అది ఊహతో వచ్చే అవకాశం నూటికి నాలుగు కంటే తక్కువ. తొమ్మిదీ పదీ వస్తే తేడా తెలిసినట్టు కాదు. ధ్వనిలోని సూక్ష్మాలు జ్ఞాపకంలో కొద్ది సెకన్లకు మించి నిలవవు కాబట్టి, నిరుడు దుకాణంలో విన్న యాంప్‌తో ఈ పూట ఇంట్లో విన్నదాన్ని పోల్చడంలో పసలేదు.

వినడానికి బాగా తెలిసిన రికార్డింగులే కావాలి. తంబురా శ్రుతి మంచి పరీక్ష. ఆగకుండా మోగే ఆ నాదంలో రొదగానీ వక్రీకరణగానీ దాక్కోలేదు. వీణ గమకంలో స్వరం సన్నగిల్లి ముగిసే చోట, మృదంగం ఎడమవైపు గుమికిలోని అడుగు నాదంలో, యాంప్ పట్టు తెలుస్తుంది. అయితే కింది పౌనఃపున్యాలు వింటున్నప్పుడు గదిని మరవకూడదు. నాలుగు మీటర్ల పొడవున్న గదిలో 43 హెర్ట్జ్ దగ్గర ధ్వని పోగుపడుతుంది, ఆ పోగు పది డెసిబెల్స్ వరకు కూడా ఉండవచ్చు. మన ఇళ్లలో సిమెంటు గోడలు, గ్రానైట్ లేదా టైల్స్ నేల, ఖాళీ కిటికీ అద్దాలు పై పౌనఃపున్యాలను కూడా మోగిస్తాయి. అలాంటి గదిలో "ఈ యాంప్ గరుకుగా ఉంది" అనిపిస్తే, మందపాటి తివాచీ, పరదాలు వేసి మళ్లీ విన్నాక తీర్పు చెప్పడం న్యాయం. స్పీకరును గోడ నుంచి ఒక అడుగు ముందుకు జరిపితే వచ్చే మార్పు, రెండు మంచి ట్రాన్సిస్టర్ యాంప్‌ల మధ్య తేడాకు ఎన్నో రెట్లు ఉంటుంది. దానికి ఖర్చూ లేదు.

ఇంటి పరీక్షకు అసలు విలువ వచ్చేది ఏ రివ్యూ ముందుగా చెప్పలేని విషయాల్లో. సెట్‌టాప్ బాక్సు కేబుల్ తగిలించగానే స్పీకర్లలో హమ్ వస్తుందా? పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగా లేకపోతే ఇది తరచూ జరుగుతుంది. రాత్రి ఫ్యాన్ ఆపేశాక ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటుందా? గెయిన్ ఎక్కువై వాల్యూమ్ నాబ్ కొంచెం కదిపితే చాలు చెవులు హోరెత్తుతున్నాయా? వేడి అంకె రివ్యూలో ఉన్నా, దాని ప్రభావం ఇక్కడ మరీ ముఖ్యం. రెండు చానెళ్లకూ కలిపి 50 వాట్లు ఇచ్చే నిజమైన క్లాస్ ఎ (లోపల కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉండే) యాంప్, పాట లేనప్పుడు కూడా కనీసం 100 వాట్లను వేడిగా గదిలోకి వదులుతూ ఉంటుంది. లండన్ చలికాలంలో సమీక్షకుడికి అది గుర్తుకురాదు. రామగుండం మే నెలలో ఏసీ వేయక తప్పదు, అప్పుడు ఆ యాంప్ వినిపించే సన్నని స్వరాలను ఏసీ రొద మింగేస్తుంది. క్లాస్ డి (కరెంటును అతివేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ పనిచేసే) యాంప్ అదే పవర్‌ను చాలా తక్కువ వేడితో ఇస్తుంది. నేటి మంచి క్లాస్ డి నమూనాలను తొలినాళ్ల వాటి చెడ్డపేరుతో తోసిపుచ్చడం తగదు.

అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకునేవారు ఇంకొకటి చూసుకోవాలి. అక్కడిది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టేజి మార్చుకునే వీలు యాంప్ లోపల లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. 60 హెర్ట్జ్‌కే సరిపోయేలా బిగువుగా చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద ఎక్కువ వేడెక్కి గుయ్‌మనవచ్చు. వారంటీ కూడా చాలాసార్లు దేశం దాటి రాదు.

డీలరు ఇంటికి యాంప్ ఇవ్వడానికి ఒప్పుకుంటే కనీసం ఒక వారాంతం, వీలైతే వారం అడగాలి. మొదటి సాయంత్రం కొత్తదనం వింటుంది, చెవి కాదు. అడ్వాన్సు ఎంత, గీత పడితే ఎవరి బాధ్యత, నచ్చకపోతే డబ్బు తిరిగి ఇస్తారా లేక వేరే సరుకు తీసుకోవాలా అన్నది ముందే కాగితం మీద ఉండాలి. ఇంటికి ఇవ్వనంటే, సొంత స్పీకర్లను దుకాణానికి మోసుకెళ్లడం రెండో మేలు. చూడకుండా విన్నప్పుడు రెండు యాంప్‌లు విడదీయలేనంత దగ్గరగా ఉంటే, సర్వీసు సెంటర్ దగ్గరలో ఉన్నదాన్ని, పదేళ్ల తర్వాత కూడా విడిభాగాలు దొరికేదాన్ని తీసుకుని, మిగిలిన డబ్బును స్పీకర్ల మీద పెట్టడం మంచిది.