పాత ఫుట్‌బాల్ జెర్సీల సేకరణ

పాత ఫుట్‌బాల్ జెర్సీల సేకరణ అనగా ఫుట్‌బాల్ క్లబ్బులు, జాతీయ జట్లు గడచిన కాలంలో ధరించిన జెర్సీలను సంపాదించి, వాటి కాలాన్ని, వాటి వెనుకనున్న చరిత్రను తెలుసుకొని భద్రపరచే అభిరుచి. తపాలా బిళ్ళలు, నాణేల సేకరణ వలెనే ఇందులోనూ వస్తువుతో పాటు దాని వివరానికి విలువ ఎక్కువ. రంగులు, చిహ్నం, అంకె, ప్రకటన, తయారీదారు ముద్ర అనే అయిదింటిని పరిశీలించి ఒక జెర్సీ ఏ జట్టుది, ఏ కాలానిది అన్నది అంచనా వేస్తారు. తెలుగు ప్రాంతానికి సంబంధించి ఈ అభిరుచిలో ఒక చిక్కు ఉన్నది. హైదరాబాదు ఫుట్‌బాల్ స్వర్ణయుగం, అభిమానులకు జెర్సీలు అమ్మే వ్యాపారం పెరగడానికి ముందే ముగిసిపోయింది.

జెర్సీల పరిణామం

తొలినాళ్ళలో జెర్సీలను నూలుతో లేదా ఉన్నితో కుట్టేవారు. వాటిపై అంకెలు ఉండేవి కావు. ఇంగ్లండు లీగు పోటీలలో ఆర్సెనల్, చెల్సీ జట్లు 1928 ఆగస్టు 25న అంకెలున్న జెర్సీలతో ఆడాయి. 1933 ఎఫ్.ఏ. కప్పు ఫైనల్లో ఎవర్టన్ ఆటగాళ్ళు 1 నుండి 11 వరకు, మాంచెస్టర్ సిటీ ఆటగాళ్ళు 12 నుండి 22 వరకు అంకెలు ధరించారు. 1939లో లీగు అంకెలను తప్పనిసరి చేసింది.

పిల్లల కొలతలలో కొన్ని జెర్సీలు అంతకుముందే అమ్ముడైనప్పటికీ, ఈ వ్యాపారం విస్తరించినది 1970లలో. లెస్టర్ నగరానికి చెందిన అడ్మిరల్ సంస్థ 1973లో లీడ్స్ యునైటెడ్‌తో, 1974లో ఇంగ్లండు జాతీయ జట్టుతో ఒప్పందాలు కుదుర్చుకొని, తన ముద్ర గల జెర్సీల నకళ్ళను అభిమానులకు అమ్మింది. 1973లోనే జర్మనీకి చెందిన ఐన్‌ట్రాఖ్ట్ బ్రౌన్‌ష్వైగ్ క్లబ్బు ఒక మద్యం కంపెనీ చిహ్నాన్ని జెర్సీపై ధరించి ప్రకటనల యుగానికి దారి తీసింది. ఇంగ్లండు ప్రీమియర్ లీగులో 1993-94 నుండి ఆటగాళ్ళ పేర్లు వీపుపై కనిపించసాగాయి. నూలు స్థానాన్ని క్రమంగా పాలియెస్టర్ ఆక్రమించింది. జెర్సీ కాలాన్ని గుర్తించుటకు ఈ మార్పులే ప్రధాన ఆధారాలు.

రకాలు

సేకరణకర్తలు జెర్సీలను సాధారణంగా నాలుగు విధాలుగా విభజిస్తారు.

1. ఆటలో ధరించినవి: ఆటగాడు మైదానంలో వాస్తవంగా వేసుకున్నవి. వీటికి విలువ ఎక్కువ.
2. ఆటకై సిద్ధం చేసినవి: ఆటగాడి కొరకు తయారై, మైదానానికి రానివి.
3. నకళ్ళు: ఆ కాలంలోనే అభిమానుల కొరకు దుకాణాలలో అమ్మినవి. ఎక్కువ మంది సేకరణ వీటితోనే మొదలవుతుంది.
4. పునర్ముద్రణలు: పాత నమూనాను చూసి తరువాతి కాలంలో అనుమతితో తయారుచేసినవి. ఇవి నకిలీలు కావు గాని, పాతవి కూడా కావు.

రంగుల వెనుక చరిత్ర

ఇటలీకి చెందిన యువెంటస్ తెలుపు-నలుపు చారలను 1903లో ఇంగ్లండులోని నాట్స్ కౌంటీ నుండి స్వీకరించింది. భారతదేశంలో మోహన్ బగాన్ ఆకుపచ్చ-మెరూన్, ఈస్ట్ బెంగాల్ ఎరుపు-పసుపు, మొహమ్మడన్ స్పోర్టింగ్ నలుపు-తెలుపు రంగులతో ప్రసిద్ధి చెందాయి. 1911 జూలై 29న మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1 తేడాతో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచినప్పుడు, ఆ జట్టులో ఒక్కరు తప్ప అందరూ బూట్లు లేకుండానే ఆడారు.

హైదరాబాదు క్లబ్బులు

హైదరాబాదు సిటీ పోలీసు

స్వాతంత్ర్యానంతరం దేశంలోని ప్రసిద్ధ జట్లలో హైదరాబాదు సిటీ పోలీసు ఒకటి. బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పును ఈ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు సాధించింది. 1954, 1957లలో అదే కప్పును మరల గెలుచుకొన్నది. ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత కొంతకాలానికి ఈ జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో ఆడుతూ 1961లో కూడా డ్యూరాండ్ విజేతగా నిలిచింది. రాష్ట్ర జట్ల పోటీ అయిన సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57, 1957-58లలోను, ఆంధ్రప్రదేశ్ 1965-66లోను గెలిచాయి.

ఈ విజయాలకు మార్గదర్శి సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963). ఉపాధ్యాయుడుగా పనిచేసిన ఆయన పోలీసు జట్టుకు, భారత జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆయన శిక్షణలో భారత్ 1951 (ఢిల్లీ), 1962 (జకార్తా) ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడిన తరువాత భారత ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఆయన జీవితం ఆధారంగా 2024లో మైదాన్ అనే హిందీ చిత్రం విడుదలైనది.

జెర్సీలు అమ్ముడయ్యే కాలం వచ్చేసరికి ఈ విజయాలన్నీ గతంలో కలసిపోయాయి. కావున హైదరాబాదు పోలీసు జట్టు విషయంలో సేకరణకర్త దుకాణాన్ని గాని, వేలాన్ని గాని నమ్ముకొనుటకు వీలులేదు. జట్టు సామూహిక ఛాయాచిత్రాలు, పోటీల కరపత్రాలు, పత్రికల కత్తిరింపులు, పతకాలు, పాత ఆటగాళ్ళ ఇళ్ళలోని పెట్టెలు - ఇవే వెదకవలసిన చోట్లు. క్లబ్బు పేరు మారినందున, ఒక వస్తువుపై ఏ పేరు ఉన్నదనేది కూడా దాని కాలనిర్ణయానికి తోడ్పడుతుంది.

కలకత్తా జెర్సీలలో హైదరాబాదీలు

హైదరాబాదులో ఎదిగిన పలువురు ఆటగాళ్ళు కలకత్తా క్లబ్బులకు తరలివెళ్ళారు. సికిందరాబాదుకు చెందిన తులసీదాస్ బలరాం (1936-2023) ఈస్ట్ బెంగాల్ తరఫున పేరు పొందాడు. హైదరాబాదులో పుట్టిన సయ్యద్ నయీముద్దీన్ 1970 ఆసియా క్రీడలలో కాంస్య పతకం పొందిన భారత జట్టుకు నాయకుడు. అదే జట్టులో ఆడిన మహమ్మద్ హబీబ్ (1949-2023) కలకత్తా మూడు పెద్ద క్లబ్బుల జెర్సీలనూ ధరించాడు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచిన ఆటలో హబీబ్ ఒక గోలు చేశాడు. హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో కొంత భాగం ఈ విధంగా కలకత్తా రంగులలో నిలిచి ఉన్నది.

హైదరాబాదు ఎఫ్.సి.

2019లో ఏర్పడిన హైదరాబాదు ఎఫ్.సి. పసుపు-నలుపు జెర్సీలతో ఇండియన్ సూపర్ లీగులో ఆడింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో గెలిచి లీగు విజేత అయినది. 2025లో ఈ క్లబ్బు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. గచ్చిబౌలి మైదానంలో అభిమానులు ధరించిన పసుపు జెర్సీలు ఆ విధంగా ఆరేళ్ళలోనే పాత జెర్సీల జాబితాలో చేరాయి. పోలీసు జట్టు అభిమానులకు దక్కని ఆనవాలు ఈ తరానికి దక్కింది, కాని క్లబ్బు దక్కలేదు.

అసలు, నకిలీల నిర్ధారణ

నకిలీలు విరివిగా ఉన్నందున లోపలి చీటీ, చిహ్నం కుట్టిన తీరు, అంకెల ఆకారం, ప్రకటన కొలతలను ఆనాటి ఛాయాచిత్రాలతో సరిపోల్చడం అవసరం. 1986 ప్రపంచ కప్పులో ఇంగ్లండుపై ఆడుటకు అర్జెంటీనా జట్టు నీలిరంగు జెర్సీలను మెక్సికో నగరంలోనే కొని, అంకెలను అక్కడే అతికించింది. వీటిలో మారడోనా ధరించి, ఆట ముగిశాక స్టీవ్ హాడ్జ్‌తో మార్చుకొన్న జెర్సీ 2022 మేలో సోథిబీస్ వేలానికి వచ్చింది. అది రెండవ భాగంలో ధరించినది కాదని మారడోనా కుటుంబసభ్యులు సందేహించగా, వేలం సంస్థ ఛాయాచిత్రాల పోలికను ఆధారంగా చూపింది. అది సుమారు 71 లక్షల పౌండ్లకు అమ్ముడైనది. 1970 ప్రపంచ కప్పు ఫైనల్లో పీలే ధరించిన జెర్సీ 2002లో క్రిస్టీస్ వేలంలో 1,57,750 పౌండ్లు పలికింది.

భద్రపరచుట

ఎండ తగిలితే రంగులు వెలిసిపోతాయి. ఇస్త్రీ వేడికి అతికించిన అంకెలు, ప్రకటనలు పగిలి ఊడిపోతాయి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టితే తేమ లోపలే నిలిచి బూజు పడుతుంది. సూర్యలంక, బాపట్ల, రేపల్లె వంటి సముద్రతీర ప్రాంతాలలో గాలి తేమ ఎక్కువగా ఉండుటచే ఈ ప్రమాదం అధికం. తెల్లని నూలు గుడ్డలో చుట్టి, మడతలను అప్పుడప్పుడు మార్చుతూ, గాలి ఆడే చీకటి అరలో ఉంచడం మంచిది. ఆటలో ధరించిన జెర్సీపై మట్టి మరకలు కూడా ఆధారాలే కనుక వాటిని ఉతకరాదు. జెర్సీతో పాటు అది ఎవరి నుండి, ఎప్పుడు లభించినదో వ్రాసిన కాగితాన్ని కూడా దాచాలి. ఆ వివరం పోతే జెర్సీలో మిగిలేది గుడ్డ మాత్రమే.

ఇవి కూడా చూడండి

* సయ్యద్ అబ్దుల్ రహీం
* డ్యూరాండ్ కప్పు
* రోవర్స్ కప్పు
* సంతోష్ ట్రోఫీ