63 కంటే 66 ఎంత ఎక్కువ?

మూడు సీజన్లు, 66 మ్యాచ్‌లు, 63 పాయింట్లు. ఆ తర్వాత ఒకే ఒక్క సీజన్, 22 మ్యాచ్‌లు, 66 పాయింట్లు. ప్రొ కబడ్డీ లీగ్‌లో తెలుగు టైటాన్స్ 2021 చివరి నుంచి 2024 చివరి దాకా పడిన పాట్లన్నీ ఈ నాలుగు లెక్కల్లోనే ఉన్నాయి. మధ్యలో ఏం మారిందని మా శ్రీకాకుళం వైపు ఎవరినైనా అడిగి చూడండి. సగం మంది వెంటనే ‘కోచు’ అంటారు. తక్కిన సగం ‘కోచేటి సేత్తాడు, ఆడొచ్చి కూతెడతాడేటి?’ అని ఎదురడుగుతారు.

ఈ తగువు నేను మొదట విన్నది 2022 ఫిబ్రవరిలో, ఆమదాలవలస పక్క ఓ టీ బడ్డీ దగ్గర. టైటాన్స్ అప్పటికి 22 మ్యాచ్‌లాడి ఒక్కటంటే ఒక్కటి గెలిచింది. సంక్రాంతికి కోసిన చేలో గడ్డి పరిచి చెడుగుడు ఆడిన ఊళ్లివి. ఆట తెలియనివాడంటూ ఉండడు కాబట్టి సలహాలకూ కొదవ లేదు. ‘కూతకెళ్లినోడల్లా ఉత్త చేతుల్తో వత్తన్నాడు, ఆ రైడింగు నేర్పేవోడిని ముందు ఒగ్గీమనండి’ అని ఒకాయన. ‘పట్టు పట్టేవోడు నేకపోతే కూతేం సేత్తాది మావా’ అని అతని మేనల్లుడు. బెంచీ చివర రిటైరైన డ్రిల్లు మాస్టారొకాయన కూర్చుని ఉన్నారు. అంతసేపూ మాట్లాడనివారు చెప్పుకాలితో ఇసకలో ఓ గీత గీసి అడిగారు: ‘ఓడిపోనారు సరే. ఎంతతో ఓడిపోనారు?’

ఎవరి దగ్గరా జవాబు లేదు. నాకు మాత్రం ఇంటికెళ్లేదాకా ఆ ప్రశ్న వదల్లేదు. ఎందుకంటే జవాబు పాయింట్ల పట్టికలోనే దాగుంది. కాస్త తీసివేతలొస్తే చాలు.

అప్పటి లీగ్ నిబంధన ఇది: గెలిస్తే 5 పాయింట్లు, సమానమైతే 3, ఓడినా తేడా 7 లేదా అంతకంటే తక్కువైతే ఒకటి. ఆ ఒక్క పాయింటు ఓదార్పు బహుమతిలా కనిపిస్తుంది గానీ లెక్క చూసేవాడికి అదే అసలు సమాచారం. ఎన్ని మ్యాచ్‌లు చేతిదాకా వచ్చి జారిపోయాయో అది చెప్పేస్తుంది.

8వ సీజన్ (2021-22) తీసుకుందాం. టైటాన్స్‌కు ఒక గెలుపు, నాలుగు సమానాలు, 17 ఓటములు. మొత్తం 27 పాయింట్లు. గెలుపుకు 5, సమానాలకు 12 తీసేస్తే 10 మిగిలాయి. అంటే 17 ఓటముల్లో పది ఏడులోపు తేడావే. వాటికి నాలుగు సమానాలు కలపండి. 22లో 14 మ్యాచ్‌లు చివరి నిమిషాల దాకా ఎవరివో తేలనివి. పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు మ్యాట్ మీద అంత అట్టడుగున లేదన్నమాట.

ఏడు పాయింట్లంటే ఎంత దూరమో కబడ్డీ ఆడినవాడికి వేరే చెప్పక్కర్లేదు, కానీ క్రికెట్ లెక్కలకు అలవాటు పడ్డవారి కోసం చెబుతాను. మన వైపు ఒక్కడే మిగిలాడనుకోండి. ఎదుటివాడు వచ్చి అతన్ని తాకి గీత దాటితే వాళ్లకు తాకినందుకు ఒకటి, ఆలౌట్‌కు రెండు, మొత్తం మూడు. అదే ఒంటరివాడు మడమ చేజిక్కించుకుని పడేస్తే అది సూపర్ టాకిల్, మనకు రెండు. ఒక్క పట్టు అటూ ఇటూ అయితే తేడా ఐదు. 30 సెకన్ల కూతలో, ఒక మడమ దగ్గర, ఐదు పాయింట్లు. 8వ సీజన్‌లో టైటాన్స్ పదిసార్లు ఇలాంటి దూరంలో ఆగిపోయింది.

ఇలాంటి జట్టుకు కావలసింది సానపట్టడం. జరిగింది మరొకటి. 9వ సీజన్‌కు (2022) జట్టు రూపమే మారింది, శిక్షణ బాధ్యత వెంకటేశ్ గౌడ్ చేతికొచ్చింది. ఫలితం 2 గెలుపులు, 20 ఓటములు, 15 పాయింట్లు. గెలుపులకు 10 పోతే మిగిలింది 5. ఇరవై ఓటముల్లో ఐదే దగ్గరవి, పదిహేను ఏడుకు పైబడ్డవి. గెలుపులు ఒకటి నుంచి రెండుకు పెరిగాయి కాబట్టి ‘రెండింతలు బాగుపడ్డారు’ అని ఓ మిత్రుడు వెటకారమాడాడు. తేడాల లెక్క చూస్తే జట్టు బాగుపడలేదు, బాగా దిగజారింది. గెలుపోటముల వరస చూసి కోచ్ మీద తీర్పు చెప్పేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే.

10వ సీజన్ (2023-24) నాటికి వాదన పూర్తిగా కూత మీదికి మళ్లింది. కారణం డబ్బు. వేలంలో రైడర్ పవన్ సెహ్రావత్‌ను టైటాన్స్ 2.605 కోట్లకు కొన్నది, అది అప్పటికి లీగ్‌లో రికార్డు. కోచ్ శ్రీనివాస్ రెడ్డి. పవన్ మోసం చేయలేదు. సీజన్‌లో 202 రైడ్ పాయింట్లు తెచ్చాడు, మ్యాచ్‌కు సగటున తొమ్మిది పైమాటే. జట్టు మాత్రం 2 గెలుపులు, 1 సమానం, 19 ఓటములతో 21 పాయింట్ల దగ్గర ఆగింది. మళ్లీ తీసివేత: 21లోంచి 13 పోతే 8. పందొమ్మిదిలో ఎనిమిది దగ్గర ఓటములు, 11 చిత్తు ఓటములు.

202 తెచ్చినవాడుండీ 19 ఓడటమేమిటి? మ్యాచ్ 40 నిమిషాలు, కూత గరిష్ఠంగా 30 సెకన్లు. అంటే సుమారు 80 కూతలు, జట్టుకు 40 చొప్పున. ఎంత మొనగాడైనా అన్ని కూతలూ తనే పెట్టలేడు. పైగా పట్టుబడితే బెంచీ మీద కూర్చోవాలి. మళ్లీ లోపలికి రావాలంటే తనవాళ్లెవరో పాయింటు తేవాలి, ఒక పాయింటుకు ఒక మనిషి చొప్పున లేస్తారు. తోటి రైడరు తేలేక, వెనక కార్నర్లు పట్టలేకపోతే రెండున్నర కోట్ల మనిషి తువ్వాలు మెడలో వేసుకుని చూస్తూ ఉంటాడు. కాబట్టి ‘కూత నేర్పేవాడిని మార్చండి’ అన్న కేకలో సగం తప్పు గురి ఉంది. దాడి లెక్క దాడిలో మాత్రమే తేలదు. టీ బడ్డీ దగ్గర మేనల్లుడు అన్నది అదే, కాకపోతే చిన్నవాడు కాబట్టి ఎవరూ వినలేదు.

కెప్టెన్నో గురువునో మార్చాలా వద్దా అన్న రగడ ఈ ప్రాంతానికి కొత్తదేమీ కాదు. విజయనగరం పూసపాటి వంశంలోని విజ్జీ 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్. మూడు టెస్టుల్లో చేసినవి 33 పరుగులు, సగటు 8.25. రెండు టెస్టులు తొమ్మిదేసి వికెట్ల తేడాతో ఓడారు, ఒకటి డ్రా. పర్యటనలో జోరుగా ఆడుతున్న అమర్‌నాథ్‌ను మొదటి టెస్టు కన్నా ముందే ఇంటికి పంపేశారు. అప్పుడు మార్చాల్సిందెవరినో చెప్పడానికి తీసివేతలు కూడా అక్కర్లేదు. అన్ని గొడవలూ అంత తేలిగ్గా తేలవు, అదే చిక్కు.

టైటాన్స్‌కు వద్దాం. 2019లో ఇరాన్‌కు చెందిన ఘోలామ్‌రెజా మజందరానీ, 2021లో జగదీశ్ కుంబ్లే, తర్వాత వెంకటేశ్ గౌడ్, శ్రీనివాస్ రెడ్డి, 2024లో కృష్ణకుమార్ హూడా. ఐదు సీజన్లకు ఐదు పేర్లు. ఈ హూడా ఎవరంటే, టైటాన్స్ ఒక్క మ్యాచ్ గెలిచిన ఆ 8వ సీజన్‌లోనే దబంగ్ ఢిల్లీని విజేతగా నిలిపినవాడు. ఫైనల్లో ఢిల్లీ పట్నాను ఓడించింది 37-36తో. ఒక్క పాయింటు. ఆ ఒక్కటి ఇటు జారితే ఆయన గొప్ప కోచ్ కాకుండా పోయేవాడా? అభిమానులు అలాగే మాట్లాడతారు, నేనూ మాట్లాడాను.

11వ సీజన్‌లో ఆయన చేతికింద టైటాన్స్ 12 గెలిచి 10 ఓడింది. పాయింట్లు 66. గెలుపులకు 60 తీస్తే ఆరు. పది ఓటముల్లో ఆరు దగ్గరవి. అప్పట్లో ప్లేఆఫ్స్‌కు ఆరు జట్లు వెళ్లేవి. ఆరోదైన జైపూర్‌కు 70, ఏడోదైన మనకు 66. దగ్గరలో ఓడిన ఆ ఆరింటిలో ఒక్కటి గెలిచినా 1 పోయి 5 వచ్చేది, లెక్క సరిగ్గా 70కి చేరేది. మూడు సీజన్లకు కలిపి 63 తెచ్చిన జట్టు ఒక్క ఏడాదిలో 66 తెచ్చి, ఒక్క మ్యాచ్ దూరంలో బయట నిలబడింది.

ఇక్కడ మళ్లీ పాత పాట: ‘కోచుని మార్సీండి.’ ఈసారి మార్చలేదు. ఆటగాళ్లను మార్చారు. అంతకుముందు ఏడాది 1.725 కోట్లకు అట్టిపెట్టుకున్న పవన్‌ను వదిలేశారు, అతను 59.5 లక్షలకు తమిళ్ తలైవాస్‌కు వెళ్లాడు. భరత్ హూడాను 81 లక్షలకు తెచ్చారు. విజయ్ మలిక్ కెప్టెన్. 2025 ఆగస్టు 29న విశాఖలో 12వ సీజన్ మొదలైంది. విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లే కదా, మా వాళ్లు ఒక జట్టుగా పాసింజరెక్కి వెళ్లారు. ఎదుట తలైవాస్, ఆ జెర్సీలో పవన్. 38-35తో తలైవాస్ గెలిచింది. రాత్రి తిరుగు బండిలో కోచ్‌కు ఎన్ని తిట్లు పడ్డాయో ఊహించుకోవచ్చు. అదే కోచ్, అదే జట్టు చివరికి మొత్తం 18 లీగ్ మ్యాచ్‌ల్లో 10 గెలిచి మొదటి నాలుగు జట్లలో నిలిచింది.

నా మటుకు నాకు అర్థమైంది ఇంత: దగ్గర ఓటములు ఎక్కువున్న ఏడాది కోచ్‌ను కదపడం కంటే ఒకరిద్దరు ఆటగాళ్లను కదపడం మేలు. చిత్తు ఓటములు ఎక్కువున్న ఏడాది రైడింగ్ నేర్పేవాడొక్కడిని మారిస్తే సరిపోదు. ఒక్క జట్టు నాలుగు సీజన్ల లెక్క ఇది, సూత్రమని చెప్పుకోవడానికి చాలదు. అయినా టీ బడ్డీ తీర్పుల కన్నా నయం.

కాకపోతే ఈ కొలబద్ద ఇక పనిచేయదు. 2025 నుంచి లీగ్ లెక్క మార్చేసింది. గెలిస్తే 2, ఓడితే సున్నా, సమానమైతే అక్కడే తేల్చేస్తారు. ఒకటితో ఓడినా ముప్పైతో ఓడినా పట్టికలో ఒకే గీత. ఇకమీదట ఎంతతో ఓడారో కావాలంటే స్కోర్లన్నీ ఒక్కొక్కటిగా రాసుకోవాల్సిందే.

ఆ అక్టోబరు చివర్లో ఢిల్లీలో రెండో క్వాలిఫయర్. పుణేరి పల్టన్ 50, టైటాన్స్ 45. ఫైనల్ ఆ మేరకు దూరమైంది. మర్నాడు పొద్దున్న అదే టీ బడ్డీ. మావ గ్లాసు పట్టుకునే మొదలెట్టాడు: ‘సెప్పానా నేదా, ఆ కోచుని...’

డ్రిల్లు మాస్టారు తలెత్తకుండానే అడిగారు, ‘ఎంతతో?’

‘అయిదు’ అన్నాడు మేనల్లుడు.

మాస్టారు చెప్పుకాలితో ఇసకలో చిన్న గీత గీశారు. ఒక మడమంత పొడుగుంది.